పురుగు రాకముందు గేటు, వచ్చినంక గుంత: మొక్కల క్వారంటైన్ కథ



పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది. ఓపికతో చివరిదాక చదవండ్రి. ఇది మన పంటల గురించి, మన చెట్ల గురించి, మన ఊళ్లల్ల ఎవ్వరూ చెప్పని ఒక పాత చట్టం గురించి.

2025 వానాకాలంలో అరకు లోయలో, చినలబుడు దగ్గరి కాఫీ తోటల్లో ఒక పురుగు బయటపడ్డది. నువ్వు గింజ కంటే చిన్నగ, నల్లగ ఉండే పెంకు పురుగు. పేరు కాఫీ బెర్రీ బోరర్, అంటే కాఫీ కాయను తొలిచే పురుగు. కాఫీ బోర్డు సైంటిస్టులు, అధికారులు తోటలకు వచ్చిండ్రు. పురుగు సోకిన తోటల్లో పచ్చి కాయ కోయించిండ్రు. కోసిన కాయను మరిగే నీళ్లల్ల ముంచి, గుంత తీసి పూడ్చిపెట్టిండ్రు. ఇంకో రెండు మూడు నెలలు ఆగితే ఎర్రబడి, ఎండి, అమ్ముడుపోయే కాయ అది. పూడ్చింది ఆదివాసీ రైతుల పంట.

ఆ వార్త చదివినంక నాకు ఒక అనుమానం వచ్చింది. ఈ పురుగు ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఆపడానికి రూల్స్ లేవా? వెతికితే రూల్స్ ఉన్నయి. వందేళ్లకు పైబడిన రూల్స్ ఉన్నయి. ఆ చరిత్రే ఇప్పుడు చెప్తా.

క్వారంటైన్ అంటే మనందరికీ 2020 కరోనా గుర్తొస్తది. హాస్టళ్లు మూసి మనల్ని ఇంటికి పంపిన కాలం. ఆ మాట చాలా పాతది. ప్లేగు రోజుల్లో ఇటలీలోని వెనిస్ రేవులో, బయటి నుంచి వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగ ఆపేవాళ్లు. వాళ్ల భాషలో నలభై అనే అంకె నుంచే ఈ పేరు పుట్టింది. మొక్కల క్వారంటైన్ కూడా అదే పని చేస్తది. మనిషి బదులు విత్తనాన్ని, నారును, కలపను, బస్తాను ఆపుతరు.

మన దేశంలో ఇది మొదలైంది పత్తితోని. అమెరికాలో అప్పుడు మెక్సికో నుంచి వచ్చిన ఒక ముక్కు పురుగు పత్తి చేన్లను ఖతం చేస్తున్నది. బాల్ వీవిల్ అంటరు, ఇదీ పెంకు పురుగుల జాతే. 1890ల్లో టెక్సాస్‌లోకి దిగి, ముప్పై ఏండ్లలో అక్కడి పత్తి ప్రాంతమంతా తిరిగింది. అది పత్తి బేళ్లల్ల దాక్కొని ఇక్కడికి వస్తదని భయపడి, 1906లో బ్రిటిష్ సర్కారు ఒక ఆర్డర్ తెచ్చింది. బయటి నుంచి వచ్చే పత్తి బేళ్లకు రేవులోనే మందు పొగ పెట్టాలె, అప్పుడే లోపలికి వదలాలె అని. తర్వాత 1914లో ఏకంగా చట్టమే చేసిండ్రు. పంటలకు హాని చేసే పురుగులు, తెగుళ్ల చట్టం అది. 1919లో మద్రాసు రాష్ట్రం, ఒక ఊరి చేను నుంచి ఇంకో ఊరి చేనుకు పురుగు పాకకుండా తన సొంత చట్టం తెచ్చుకున్నది. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పుడు నిజాం రాజ్యంలో ఉండె కాబట్టి ఆ మద్రాసు చట్టం మనకు వర్తించలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండ్రి. ఆ ముక్కు పురుగు ఇప్పటికీ మన దేశంలోకి రాలేదు. నూట ఇరవై ఏండ్లు దగ్గర పడుతున్నది. మన పత్తికి గులాబీ పురుగు ఉన్నది, తెల్లదోమ ఉన్నది, నకిలీ విత్తనాలు ఉన్నయి, కానీ ఆ పురుగు మాత్రం లేదు. రేవులో పొగ పెట్టిన ఖర్చు సర్కారు మీద, వ్యాపారి మీద పడ్డది. జనగామ పత్తి రైతు దానికి పైసా కట్టలేదు, అసలు అట్లాంటి పురుగు ఒకటి ఉన్నదని కూడా ఆయనకు తెలియదు. క్వారంటైన్ గెలిస్తే ఇట్లనే ఉంటది. ఏమీ జరగదు, అందుకే ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు కాఫీకి వద్దాం. కాయ తొలిచే ఈ పురుగుది పుట్టుక ఆఫ్రికా. ఆడ పురుగు కాయ కొనకు సన్నటి బొక్క చేసి లోపలికి పోయి గుడ్లు పెడ్తది. పిల్లలు గింజను తింటూ లోపలనే పెరుగుతయి. చెట్టు చావదు, పంట చస్తది. మందు కొట్టినా లోపల ఉన్నదానికి తగలదు. కోత అయినంక కింద రాలిన కాయల్లో, చెట్టుకు మిగిలిన కాయల్లో బతికి మళ్లా ఏడాది లేస్తది. దూరం పోవాలంటే గింజల్లో, గోనె సంచుల్లో ఎక్కి పోతది.

మన దేశంలో అది మొదటిసారి కనబడ్డది 1990లో, తమిళనాడు నీలగిరి జిల్లా గూడలూరులో. కొన్ని ఏండ్లలోనే కేరళ వయనాడుకు, కర్ణాటక కొడగుకు పాకింది. అప్పుడు 1914 చట్టం కిందనే దీన్ని దేశం లోపలి క్వారంటైన్ జాబితాలో పెట్టిండ్రు. అంటే పురుగు ఉన్న ప్రాంతం నుంచి పురుగు లేని ప్రాంతానికి ఊరికే సరుకు పోవద్దని. కాగితం మీద గేటు వేసినట్టే.

మన అరకు, పాడేరు వైపు తోటలు ముప్పై ఐదేండ్లు ఈ పురుగు లేకుండ ఉన్నయి. ఇది చిన్న విషయం కాదు. అక్కడ కాఫీ మన్యం గిరిజనుల పంట. సిల్వర్ ఓక్ నీడ కింద, మిరియాల తీగలతోని కలిపి, ఎక్కువగ రసాయన మందులు లేకుండ పండిస్తరు. 2019లో అరకు అరబికా కాఫీకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మందు లేకుండ పండిందనే పేరే దానికి రేటు. అట్లాంటి తోటలోకి పురుగు వస్తే దెబ్బ రెండు దిక్కుల నుంచి పడ్తది. కాయ పోతది, కాయను కాపాడదామని మందు కొడితే పేరు పోతది.

ఆంధ్రప్రదేశ్ సర్కారు, పూడ్చిన కాయకు కిలో లెక్కన పరిహారం ఇస్తమని ప్రకటించింది. మంచిదే. కానీ అది ప్రకటన, హక్కు కాదు. ఈ తేడా ఏందో 1914 చట్టం చూస్తే అర్థమైతది. చిన్న చట్టమే, కొన్ని సెక్షన్లే. అందులో మంచి ఉద్దేశంతో పనిచేసిన అధికారి మీద కేసు పెట్టొద్దని ఒక సెక్షన్ ఉన్నది. సర్కారు మాట మీద పంట పూడ్చిన రైతుకు నష్టం కట్టాలె అనే సెక్షన్ మాత్రం లేదు. దీని బదులు కొత్త చట్టం తెస్తమని 2013లో వ్యవసాయ జీవ భద్రత బిల్లు లోక్‌సభలో పెట్టిండ్రు. 2014లో సభ గడువు తీరంగనే ఆ బిల్లు కూడా పోయింది. విదేశీ దిగుమతులకు 2003 ఆర్డర్ ఉన్నది, అది 2004 జనవరి 1 నుంచి నడుస్తున్నది. కానీ దానికి తల్లి చట్టం ఇప్పటికీ 1914దే.

నాకు అర్థమైన సంగతి ఇది. పురుగు రాకముందు ఆపితే ఖర్చు సర్కారుది, వ్యాపారిది. వచ్చినంక ఆపితే ఖర్చు మనది.

ఇది అరకు ముచ్చట మాత్రమే కాదు. మన మిర్చి యాది చేసుకోండ్రి. 2021లో మహబూబాబాద్, వరంగల్, భూపాలపల్లి, ఖమ్మం మిర్చి చేన్ల మీద నల్ల తామర పురుగు పడ్డది. పూవుల్లో కుప్పలు కుప్పలుగ కూసునేది. పూత రాలిపోయె, కాయ వంకర పోయె. ఇది పెంకు పురుగు కాదు గని బయటి నుంచి వచ్చిందే, ఆగ్నేయ ఆసియా నుంచి. మన దేశంలో ఇది ఉన్నదని 2015లోనే సైంటిస్టులు రాసిండ్రు, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దొరికిందని. 2015కు, 2021కు మధ్య ఆరేండ్లు. ఆ ఆరేండ్లలో మా తండాకు ఒక్క కబురు రాలేదు. మా బాపు రెండెకరాలు మిర్చి పెట్టిండు. దుకాణపాయన ఏ డబ్బా ఇస్తే అది తెచ్చి కొట్టిండు, వారానికొకటి. డబ్బాల అప్పు మిగిలింది, చేను దున్నేసినం. మా పక్క చేను వాళ్లు పీకి కాలబెట్టిండ్రు. ఆ సీజన్ల మన జిల్లాల నుంచి రైతుల ఆత్మహత్యల వార్తలు కూడా వచ్చినయి. కౌలుకు చేసినోళ్లు ఎక్కువ నలిగిండ్రు, వాళ్లకు కాగితం లేదు కాబట్టి ఏ లెక్కలకూ రారు.

చేన్లు వదిలి చెట్ల దిక్కు చూద్దాం. మన దగ్గర జామాయిల్ తోటలు మస్తుగ ఉన్నయి కదా. 2001లో కర్ణాటకలో జామాయిల్ ఆకు ఈనెల మీద, లేత కొమ్మల మీద బుడిపెలు తెచ్చే చిన్న కందిరీగ ఒకటి కనబడ్డది. పుట్టుక ఆస్ట్రేలియా. లేత మొక్కలను ఎదగనియ్యదు. కొద్ది ఏండ్లలోనే మన రాష్ట్రానికీ వచ్చింది. నర్సరీ మొక్కలు లారీ ఎక్కితే అదీ ఎక్కుతది.

చెట్టునే చంపే పెంకు పురుగు ఎట్లుంటదో చూడాలంటే అమెరికా పోవాలె. 2002లో డెట్రాయిట్ నగరం దగ్గర ఆకుపచ్చగ మెరిసే ఒక పురుగు దొరికింది, ఎమరాల్డ్ యాష్ బోరర్. ఆసియా నుంచి సరుకు పెట్టెల చెక్కలో వచ్చి ఉంటదని అంటరు. దాని పిల్లలు యాష్ చెట్టు బెరడు కింద వంకర టింకర సొరంగాలు తవ్వి, చెట్టుకు పోయే ఆహారాన్ని కోసేస్తయి. కొన్ని ఏండ్లలో చెట్టు నిలువుగ ఎండిపోతది. కోట్ల చెట్లు పోయినయి. 2003 నుంచి అక్కడి కేంద్ర సర్కారు క్వారంటైన్ పెట్టింది. యాష్ కలప, మొక్కలు, కట్టెలు జిల్లా దాటొద్దని. సెలవులకు పోయేటోళ్లు కారులో వంట చెరుకు కూడా తీసుకపోవద్దని బోర్డులు పెట్టిండ్రు. అయినా ఆగలేదు. 2021 జనవరిలో ఆ క్వారంటైన్‌ను ఎత్తేసిండ్రు.

మనకు ఇక్కడ సంబంధం ఏందంటే, యాష్ చెట్లలో బ్లాక్ యాష్ అని ఒకటి ఉన్నది. అక్కడి ఆదివాసీలు, మోహాక్, ఒజిబ్వే, మెయిన్ రాష్ట్రంలోని వాబనాకీ తెగల వాళ్లు, దాని దుంగను కొట్టి పొరలు పొరలుగ తీసి బుట్టలు అల్లుతరు. మన దగ్గర వెదురు చీల్చి తట్టలు, గంపలు అల్లినట్టే. వాళ్లకు ఆ చెట్టు బతుకుదెరువు, పండుగ, తాతల కథ, అన్నీ. వాళ్లు చేతులు కట్టుకొని కూసోలేదు. పురుగు రాకముందే విత్తనాలు ఏరి దాచిండ్రు, ఏ అడవిలో ఎన్ని చెట్లున్నయో లెక్కలు తీసిండ్రు, అల్లే పద్ధతిని పిల్లలకు నేర్పిండ్రు. సర్కారు గేటు తీసేసినా వాళ్ల విత్తనం మిగిలింది.

ఇట్లాంటి పురుగుల వల్లనే 2002లో ప్రపంచ దేశాలు సరుకు పెట్టెల చెక్కకు ఒక నియమం పెట్టుకున్నయి. చెక్క లోపలి దాక 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలె, లేకుంటే మందు పొగ పెట్టాలె, ఆ మీద గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర వెయ్యాలె. విదేశీ యంత్రాలు దిగే చోట చెక్క ప్యాలెట్లు కనబడితే చూడండ్రి, ముద్ర మీద హెచ్‌టీ అని ఉంటే వేడి చేసిన చెక్క అని అర్థం.

మన పెద్దలకు చెక్‌పోస్ట్ అంటే ఒక్కటే గుర్తుంటది, అడవి చెక్‌పోస్ట్. ఉమ్మడి రాష్ట్రం 1970లో తెచ్చిన అటవీ ఉత్పత్తుల రవాణా రూల్స్ కింద కట్టె, బొంగు కదలాలంటే పర్మిట్ కావాలె. ఆ గేటు చెట్టు బయటికి పోకుండ ఆపేది. చెట్టును చంపే పురుగు లోపలికి రాకుండ ఆపే గేటు వేరు. మొదటిదాని గురించి మన ప్రతి ఊరికి తెలుసు, జరిమానాలు కట్టి నేర్చుకున్నరు. రెండోదాని గురించి మన ఊరికి ఎవరూ వచ్చి చెప్పలేదు. మన భాషల్లో అయితే అసలే చెప్పలేదు. తెలియని రూల్ ఎవరు పాటిస్తరు?

అందుకే మనం చెయ్యగలిగినవి కొన్ని రాస్తున్న.

ఒకటి, నారు, మొక్కలు బయట నుంచి తెస్తే చేనులో పెట్టకముందు ఆకు కింద, వేరు దగ్గర చూడాలె. బుడిపెలు, బొక్కలు, రంపపు పొట్టు లాంటిది కనబడితే ఆపాలె.

రెండు, వేరే జిల్లాల పంట మోసిన పాత గోనె బస్తాలు ఎండలో బాగా ఆరబెట్టి, దులిపి వాడాలె.

మూడు, కొత్త పురుగు కనబడితే ముందు దుకాణానికి పోవద్దు. ఫోటో తీసి ఏఈఓకు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రానికి పంపాలె. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతరు.

నాలుగు, ఇది అన్నిటికంటే పెద్దది. పంట తీసెయ్యమని సర్కారు చెప్తే ఆ నష్టం కట్టాలె అని చట్టంలోనే రాయించాలె. పట్టాదారుకే కాదు, కౌలు రైతుకు, పోడు రైతుకు కూడా. వినతి పత్రాల్లో స్కాలర్‌షిప్పులు, మెస్ చార్జీలు రాస్తున్నం కదా, దాని పక్కన ఈ లైన్ కూడా రాద్దాం.

అగ్రికల్చర్, బోటనీ, జువాలజీ చదివే మనోళ్లు ఈ గ్రూపులో ఉన్నరు. మీరు రాయండ్రి, నేను వదిలేసినవి కలపండ్రి. కోయ, లంబాడ, నాయకపోడ్ పెద్దలు ఈ పురుగులను ఏ పేరుతోని పిలుస్తరో మీ ఇంట్ల అడిగి కామెంట్ల పెట్టండ్రి. మా తండాలో మాటలు నేను రాసుకుంటున్న. అన్నీ కలిస్తే మన భాషల్లనే ఒక చిన్న పోస్టర్ చేసి, వచ్చే వానాకాలం లోపు ఊరూరికీ అతికిద్దాం.

జోహార్.