తొలి మెట్టు: మైక్రోఫోను ప్రీయాంప్లిఫయరు పూర్వచరిత్ర

గాయకుని కంఠమునుండి వెలువడిన నాదము శ్రోత చెవిని చేరులోపల ఎన్నెన్నో యంత్రముల చేతులు మారును. కాని వానిలో మొదటి దానికున్నంత బాధ్యత మరి దేనికిని లేదు. మైక్రోఫోను పుట్టించు విద్యుత్తు అత్యల్పము. నేడు సభావేదికలపై సర్వత్ర కనబడు డైనమిక్ మైక్రోఫోను ఎదుట మనుష్యుడు మామూలుగా మాటలాడినపుడు అందుండి వచ్చునది వోల్టులో సహస్రాంశమునకు అటునిటు మాత్రమే. ఆ స్వల్పమును వందరెట్లో వేయిరెట్లో పెంచి, రికార్డింగు యంత్రమునకో ప్రసారయంత్రమునకో అందించునది ప్రీయాంప్లిఫయరు. ఆ మెట్టున చేరిన దోషము ఆపైన ఎంతటి నేర్పరి చేతను తొలగదు. ఏలయన, తరువాతి యంత్రములు నాదమును, దోషమును వేరుపరుపజాలక రెంటిని సమముగానే పెంచును. ఈ చిన్న పరికరము నూరేండ్లలో నడచివచ్చిన త్రోవను పరిశీలించినచో, పరస్పరవిరుద్ధములుగా తోచు రెండు కోరికల సంఘర్షణ మనకు గోచరించును. సంకేతమును అది పుట్టినచోటనే పెంచవలెననునది మొదటి కోరిక; ఎంత పెంచవలెనో నిర్ణయించు చేయి మాత్రము దూరమున, వినువాని యొద్ద ఉండవలెననునది రెండవది.

ఆదిలో ఈ సమస్యయే లేదు. 1870ల చివరి సంవత్సరములలో బెర్లినర్, ఎడిసన్, హ్యూస్ ప్రభృతుల కృషివలన రూపుదాల్చిన బొగ్గు మైక్రోఫోను తానే ఒక విధమైన యాంప్లిఫయరు. బ్యాటరీనుండి ప్రవహించు విద్యుత్తును స్వరానుసారముగా హెచ్చుతగ్గులు చేయుటయే దాని పని గనుక, అది పంపు సంకేతము బలముగానే ఉండెడిది. టెలిఫోనులో నాలుగు మాటలు వినవచ్చుటకు అది చాలెను. కాని సంగీతమును గ్రహింపబూనినపుడు, బొగ్గురేణువుల రాపిడివలన ఎడతెగక పుట్టు బుసబుస, స్వరముల సహజరూపమును మార్చివేయు వికారము, రెండును దుస్సహములయ్యెను. 1916లో అమెరికాలోని వెస్ట్రన్ ఎలెక్ట్రిక్ సంస్థయందు ఇ. సి. వెంట్ అను శాస్త్రజ్ఞుడు కండెన్సర్ మైక్రోఫోనును నిర్మించి, మరుసటి సంవత్సరము దాని విధానమును ప్రకటించెను. స్వరమును యథాతథముగా గ్రహించుటలో దానికి సాటి నాడు లేదు. అయినను దాని సంకేతము మిక్కిలి దుర్బలము. పొడవైన తీగ తగిలించినచో ఆ తీగయొక్క కెపాసిటెన్సే దానిని చాలవరకు మ్రింగివేయును. కనుక వాల్వు యాంప్లిఫయరును మైక్రోఫోను ప్రక్కనే అమర్చుట అనివార్యమైనది. 1928లో బెర్లిన్ నగరమున జార్జ్ నాయ్‌మన్ విక్రయమునకు తెచ్చిన సి.ఎం.వి. 3 మైక్రోఫోను సీసావలె లావుగా ఉండుటకు కారణము, దాని గర్భమున ఒక వాల్వు దాగియుండుటయే. సంకేతమును పుట్టినచోటనే పెంచవలెనను కోరిక అక్కడ సంపూర్ణముగా నెగ్గినది.

ఆ కాలముననే రెండు విశేషములు సంభవించి, ఈ శిల్పమునకు శాస్త్రబద్ధమైన పునాది వేసినవి. 1927 ఆగస్టు 2వ తేదీన హెరాల్డ్ బ్లాక్ అను బెల్ లేబరేటరీల ఇంజనీరు, పనికి పోవుచు హడ్సన్ నదిని దాటు పడవలో, చేతనున్న వార్తాపత్రిక కాగితముపై నెగటివ్ ఫీడ్‌బ్యాక్ సూత్రమును గీసికొనెను. యాంప్లిఫయరు ఉత్పత్తిలో కొంతభాగమును తలక్రిందుచేసి మరల దాని ముఖద్వారమునకే పంపినయెడల వికారము తగ్గి, గెయిన్, అనగా సంకేతము పెరుగు పరిమాణము, స్థిరపడునని ఆ సూత్రసారము. మరుసటి సంవత్సరము జాన్సన్, నైక్విస్టు అనువారు, ఏ విద్యున్నిరోధమైనను తన ఉష్ణోగ్రతను బట్టి తనంతట తానే కొంత రొదను పుట్టించునని ప్రకటించిరి. మైక్రోఫోను నిరోధము సాధారణముగా 150 ఓములు; గది ఉష్ణోగ్రతలో, వినికిడి పరిధియైన 20 కిలోహెర్ట్‌జ్‌ల మేర, అంతటి నిరోధము పుట్టించు రొద, వోల్టేజిని డెసిబెల్స్‌లో తెలుపు డిబియు కొలతలో, సుమారు –131 డిబియు. ఎంతటి యాంప్లిఫయరు కట్టినను ఈ అంతస్తుకు దిగువకు పోవుట అసాధ్యము. అప్పటినుండి ఈ విద్యలో ప్రావీణ్యమనగా, ప్రకృతి గీచిన ఆ గీతకు ఎంత చేరువగా పోగలిగితిమనుటయే.

1930 ప్రాంతముల రిబ్బను మైక్రోఫోనులు, డైనమిక్ మైక్రోఫోనులు వచ్చిన పిదప పరిస్థితి మారెను. వీని నిరోధము స్వల్పమగుటచే తీగ పొడవుగా ఉన్నను సంకేతమునకు అంతగా హాని లేదు. దానితో ప్రీయాంప్లిఫయరు మైక్రోఫోనును వదలి కంట్రోలు గదిలోనికి పోయి, ఇంజనీరు చేతిక్రింద నిలిచెను. 1938లో మద్రాసు రేడియో కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును ప్రారంభమై, తెలుగు గాయకుల కంఠములు, హరికథకుల వచనములు ఇంటింట వినవచ్చిన కాలమున ఆ నాదమంతయు ఇట్టి పరికరముల గుండనే ప్రవహించినది. ఇంజనీరు చేతికి తగిన మీట నిర్మించుటయు ఒక కళయై వర్ధిల్లినది. ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ 1970లో రూపొందించిన 1073 అను మాడ్యూలునందు, ఐదేసి డెసిబెల్స్ చొప్పున గెయిన్‌ను మార్చు ఎఱ్ఱని మీట నేటికిని ఇంజనీర్లకు ప్రియమైనది. మీట త్రిప్పిన ప్రతి స్థానమునను వేరొక రెసిస్టరు సర్క్యూటులో చేరును. అంతయు చేతికి తెలియుచుండును. దీనికి కొంత పూర్వము, 1966లో, నార్వే రేడియోకొఱకు నాయ్‌మన్ సంస్థ ట్రాన్సిస్టరు మైక్రోఫోనును తయారుచేసినపుడు, అచటి స్టూడియోలలో అత్యవసరదీపముల నిమిత్తము అమర్చియున్న 48 వోల్టులను సంకేతపు తీగల మీదుగానే మైక్రోఫోనునకు అందించిరి. ఫాంటమ్ పవర్ అను పేర లోకమంతట స్థిరపడిన ఏర్పాటు అదియే.

ఇంజనీరు చేతికి మీట దక్కినది గాని, దూరము చేయు అపకారము మాయలేదు. పెద్ద సభలలో వేదికనుండి ప్రేక్షకుల మధ్యనున్న మిక్సరు వరకు పదులకొలది మీటర్ల తీగ పరచవలెను. మిల్లీవోల్టు ప్రమాణముగల సంకేతము ఆ పొడవునను దీపముల డిమ్మర్లనుండియు కరెంటు తీగలనుండియు పుట్టు హమ్మును సహించుచు రావలెను. ప్రీయాంప్లిఫయరును తిరిగి వేదికపైకి తరలించినచో ఈ బాధ తీరును. కాని గెయిన్ మార్చుటకు మాటిమాటికి అచటికి పరుగెత్తువారెవరు? రిలేలతోను, వోల్టేజి అదుపులోనుండు యాంప్లిఫయర్లతోను కొందరు పరిష్కారములు వెదకిరి. మొదటివి స్థూలములు, ఖరీదైనవి. రెండవవి తమ రొదను, వికారమును సంకేతమునకు జతచేయునవి.

ఈ చిక్కు విడిన తీరు మనోహరముగా నున్నది. నాదము నాదముగానే, అనలాగ్ రూపముననే, పుట్టినచోట పెరుగును. దూరమునుండి ప్రయాణము చేయునది ఆజ్ఞ మాత్రమే. 2003లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ విడుదల చేసిన పి.జి.ఎ. 2500 అను చిప్పు ఈ మార్గమున ఒక ముఖ్యమైన మైలురాయి. దాని గెయిన్ 0 డెసిబెల్, ఆపైన 10 మొదలు 65 వరకు ఒక్కొక్క డెసిబెల్ చొప్పున మారును. ఆజ్ఞ పదునాఱు బిట్ల మాట. అందు ఆఱు బిట్లు గెయిన్‌ను తెలుపును. ఆ ఆఱు బిట్ల సంఖ్య సున్నా కానియెడల, దానికి తొమ్మిది కలిపినచో డెసిబెల్స్ వచ్చును. 30 డెసిబెల్స్ కావలెనన్న 21 పంపవలెను. 150 ఓముల మూలముతో 30 డెసిబెల్స్ గెయిన్‌వద్ద దాని రొద, ఇన్‌పుట్‌నకు లెక్కించిచూడగా, –128 డిబియు. అనగా జాన్సన్, నైక్విస్టులు చూపిన గీతకు మూడు డెసిబెల్స్ మాత్రమే ఎడము.

ఇట్టి చిప్పు ఇరువదియెనిమిది సన్నని కాళ్లతో వేలిగోరంత ఉండును. వాల్వుల కాలపు ఔత్సాహికుడు సాకెటు బిగించి, తీగలు అతికి, ప్రయోగము చేసికొనగలిగెను. నేటివానికి అది సులభము కాదు. అందుచేతనే తయారీదారులు చిప్పుతోపాటు, దానిని పరీక్షించి చూచుటకు సిద్ధముగా కూర్చిన ఇవాల్యుయేషన్ బోర్డును సమకూర్చుచున్నారు. ఆ బోర్డును నెలకొల్పుటలో ప్రతి అడుగునను పూర్వచరిత్ర పలుకును. మొదట ధన, ఋణ 5 వోల్టుల సరఫరాలను కలిపి, వాని విలువలను మీటరుతో సరిచూచికొనవలెను. 48 వోల్టులకు ఇంకను పనిలేదు. మైక్రోఫోనును తగిలించు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెటు 2, 3 పిన్నుల నడుమ మైక్రోఫోనునకు బదులు 150 ఓముల రెసిస్టరును పెట్టి, గెయిన్‌ను 60 డెసిబెల్స్‌కు ఎత్తి, అవుట్‌పుట్ రొదను కొలువవలెను. –68 డిబియు చుట్టుప్రక్కల కనబడినచో చిప్పు తన మాట నిలబెట్టుకొన్నట్లే. అధికముగా కనబడినచో దోషమును చిప్పునందు గాక భూతీగల అమరికయందే ముందు వెదకవలెను. ఏలయన ఆజ్ఞలను మోయు ఐదు వోల్టుల డిజిటల్ తీగలును, మైక్రోవోల్టుల సంకేతమును ఒకే పలకపై కాపురముండునవి. ఆజ్ఞ ముగిసిన వెనుక క్లాకు తీగ నిశ్శబ్దముగా నుండవలెను.

పిదప ఫాంటమ్ పవర్ వంతు. 48 వోల్టులు రెండు 6.8 కిలోఓముల రెసిస్టర్ల గుండ పోవును. ఆ రెండింటి విలువలలో భేదమున్నచో రెండు తీగలపై సమముగా వచ్చు హమ్మును త్రోసివేయు శక్తి క్షీణించును. ఆ వోల్టేజి చిప్పును తాకకుండ ఆపునవి కెపాసిటర్లు. అవి నిండుగా ఛార్జియైయున్న వేళ ఇన్‌పుట్ తీగలు భూతీగకు షార్టు అయినచో ఆ నిలువయంతయు ఒక్క క్షణమున కొన్ని ఆంపియర్ల ప్రవాహమై చిప్పుపైకి దూకును. ముందు నిలిచిన రెసిస్టర్లు, డయోడ్లు దాని ప్రాణము కాపాడును. అందుచేత గెయిన్‌ను అట్టడుగున ఉంచి, మైక్రోఫోనును తగిలించి, ఆ తరువాతనే 48 వోల్టులను విడువవలెను. తీసివేయునపుడు ముందుగా వోల్టేజిని ఆపి, కెపాసిటర్లు ఖాళీయగువరకు వేచియుండవలెను.

చివరి పరీక్ష చెవికే. ఒక మంద్రస్వరమును ఇన్‌పుట్‌నకు ఇచ్చి, గెయిన్‌ను డెసిబెల్ వెంట డెసిబెల్‌గా మార్చుచు వినవలెను. తరంగము శిఖరమున నుండగా గెయిన్ మారినచో టక్కుమను చప్పుడు వినవచ్చును. మార్పులు వెంటవెంటనే జరిగినచో ఆ చప్పుళ్లన్నియు కలిసి గరగర లాడును. తరంగము సున్నాను దాటు క్షణమువరకు ఆజ్ఞను ఆపియుంచు ఏర్పాటును చిప్పులోనే పొందుపరచిరి. దానిని ఒకమారు తీసి, ఒకమారు వేసి విన్నచో భేదము స్పష్టమగును.

ఈ బోర్డును వ్యాపారసాధనముగా మాత్రమే చూచుట అన్యాయము. రెసిస్టర్ల జోడింపు, డయోడ్ల స్థానము, భూతీగలు కలియు చోటు అనునవి యొకప్పుడు కంట్రోలు గదులలో పెద్దలయొద్ద ఏండ్లతరబడి శుశ్రూష చేసి నేర్చుకొనిన మర్మములు. అవి నేడు రాగి గీతలుగా ఈ పలకపై అచ్చుపడి, అడిగినవారికెల్ల అందుచున్నవి. దీనిని నెలకొల్పు యువకుడు పనిచేయుచున్నదా లేదాయని మాత్రమే చూచి ప్రక్కన పెట్టక, ప్రతి భాగము ఎందుకున్నదో ప్రశ్నించుచు కూర్చున్నయెడల, వెంట్ మొదలు నీవ్ వరకు గల ఇంజనీర్ల పరంపరకు వారసుడగును. చిప్పును కొనుటవలన గాక, ఈ ప్రశ్నలవలననే ఆ విద్య మన దేశమున వేరూనగలదు.