గోదావరి ఒడ్డున ఇంగ్లీషు పాఠం

కిందటేడు కోనసీమలో ఒక ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో ఓ పూట గడిపాను. బోర్డు మీద ఒక వాక్యం రాశాను: "ద బోట్‌మన్ హూ బ్రాట్ ద కోకోనట్స్ ఫ్రమ్ ముక్తేశ్వరం వాజ్ నాట్ పెయిడ్." ఎవరికి డబ్బివ్వలేదని అడిగాను. రెండో బెంచీలో కూచున్న అమ్మాయి చటుక్కున లేచి, "ముక్తేశ్వరం వాజ్ నాట్ పెయిడ్" అంది.

ఆ అమ్మాయికి మాటలన్నీ తెలుసు. విడివిడిగా అడిగితే ఒక్కటీ తడుముకోకుండా అర్థం చెప్పింది. అది ఏ టెన్సో, ఏ వాయిసో కూడా చెప్పింది. అయినా వాక్యం చేజారిపోయింది. ఎందుకని ఆలోచిస్తే కారణం మన భాషలోనే ఉంది. ఇదే మాట మనం "ముక్తేశ్వరం నుంచి కొబ్బరికాయలు తెచ్చిన పడవవాడికి డబ్బివ్వలేదు" అంటాం. ఎక్కణ్ణుంచి, ఏం తెచ్చాడు అన్న ముచ్చటంతా ముందు నడుస్తుంది. అసలు మనిషి చివర్న, క్రియకు ఆనుకుని నిలబడతాడు. ఇంగ్లీషులో ఆ మనిషి ముందే వచ్చేస్తాడు, ముచ్చట "హూ" చెయ్యి పట్టుకుని వెనకాల వస్తుంది. క్రియ దగ్గరకు చేరేసరికి దాని పక్కన ఊరి పేరు ఉంది. తెలుగు చెవి ఆ ఊరినే పట్టుకుంది. పిల్ల తెలివికి లోటేమీ లేదు. గ్రామరు ఒక గంటలో, పాఠం చదవడం ఇంకో గంటలో, ఒకదానికొకటి తెలియనట్టు నేర్పారు. ఈ రెండూ మన ప్రాంతంలో ఎప్పుడు కలిసి నడిచాయో, ఎప్పుడు విడిపోయాయో వెతకాలని ఆ రోజే అనిపించింది.

అర్థం లేని చదువు గురించిన బెంగ మనకు ఇంగ్లీషు బడులకన్నా ముందే ఉంది. మద్రాసు సదర్ కోర్టులో దుబాసీగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు 1820లో మద్రాసు స్కూలు బుక్ సొసైటీకి తన అభిప్రాయం రాసి పంపారు. మన పిల్లలు పద్యాలు కంఠస్థం చేస్తున్నారు గాని అర్థం తెలుసుకోవడం లేదన్నది అందులో ఆయన బాధ. ఇంగ్లీషు నేర్చుకుని దానితోనే బతికినవాడు, ఆ భాషలోనే స్వీయచరిత్ర రాసుకున్నవాడు తెలుగు చదువు గురించి అన్న మాట అది. తర్వాత వచ్చిన ఇంగ్లీషు చదువు ఆ బట్టీనే వారసత్వంగా తీసుకుంది. పద్యం ఉన్న చోట రూలు వచ్చి కూచుంది.

డెల్టాలో ఇంగ్లీషుకు గిరాకీ తెచ్చింది ఆనకట్ట. 1852లో ధవళేశ్వరం పని పూర్తయ్యాక కాలవలొచ్చాయి, కాలవల వెంట లెక్కలు, రిపోర్టులు, కచేరీలు, గుమస్తా ఉద్యోగాలు వచ్చాయి. రెండు పంటలు పండే ఊళ్ళలో కుర్రాణ్ణి పట్నంలో ఉంచి చదివించే స్తోమత కూడా వచ్చింది. 1853లో రాజమండ్రిలో జిల్లా స్కూలు తెరిచారు. 1873 నాటికి అది కాలేజీ అయింది. నరసాపురం పక్క 1855 ప్రాంతంలో సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ బడులు పెట్టించాడు. రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా కట్టే ఏర్పాటు ఈ జిల్లాలోనే మొదలైంది. నరసాపురం టేలర్ హైస్కూలు పేరులో ఆయన ఇప్పటికీ ఉన్నాడు. భూమి లేని కుర్రాళ్ళు రాజమండ్రిలో వారాలు చేసుకుని చదివారు. ఏడిళ్ళలో ఏడు రోజులు భోంచేసి, వీధి దీపం కింద ఇంగ్లీషు వల్లె వేసిన తరం అది.

1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. మెట్రిక్యులేషన్ పరీక్ష దాటితేనే ఉద్యోగానికి గాని, పై చదువుకు గాని దారి. గ్రామరు పుస్తకానికి పెద్దపీట పడింది అప్పుడే. తర్వాత నెస్‌ఫీల్డ్ గ్రామరు వచ్చింది, 1930ల నడుమ రెన్ అండ్ మార్టిన్ వచ్చింది. ఈ రెండో పుస్తకం పుట్టింది ఇక్కడ కాపురమున్న దొరల పిల్లల కోసం. ఇంట్లో ఇంగ్లీషు వింటూ పెరిగిన పిల్లలకు రూలు చెబితే చాలు, మిగతాది వాళ్ళ చెవే చూసుకుంటుంది. ఆ చెవి లేని మన పిల్లలకూ అదే పుస్తకం ఇచ్చారు. దాని ఫలితం ఈనాటికీ చూస్తున్నాం. "పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నాడు" అన్నా "ఇప్పుడు ఎదురుచూస్తున్నాడు" అన్నా తెలుగులో క్రియ మారదు. ఇంగ్లీషులో మారుతుంది. ఈ తేడా ఒక్కసారి తెలుగులో కూచోబెట్టి చెప్పి, ఆ తర్వాత పది కథల్లో ఆ వాక్యం కంటబడేలా చేస్తే సరిపోయేది. దాని బదులు పన్నెండు టెన్సుల పట్టిక గోడకు కట్టారు.

వాయిసు పాఠం మన తెలుగునే కొంత మార్చింది. "రామునిచే రావణుడు చంపబడెను" అని ఏ అమ్మమ్మా కథ చెప్పదు. సంస్కృతం దారిలో గ్రంథాల్లోకి ఎప్పుడో వచ్చిన ప్రయోగమే అయినా, దాన్ని ప్రతి బడిపిల్లవాడి నోటికీ ఎక్కించింది మాత్రం ఇంగ్లీషు గ్రామరు గంటేనని నా నమ్మకం. ఇవాళ ప్రభుత్వ ప్రకటనల్లో "తెలియజేయబడుచున్నది" అని చూసినప్పుడల్లా నాకు ఆ గంటే గుర్తొస్తుంది.

ఇక పరీక్ష పక్కన పెట్టి పుస్తకం చదివినవాళ్ళ సంగతి. 1848లో రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం అక్కడి ప్రభుత్వ పాఠశాలలోనే ఇంగ్లీషు నేర్చుకున్నారు. కోరంగిలో, ధవళేశ్వరంలో బడిపంతులుగా పనిచేశారు. గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ నవల చదివి తెలుగు చేయడం మొదలుపెట్టారు. కొంత దూరం వెళ్ళి అది నచ్చక, ఆపేసి, కథను మన నేల మీదికి దించారు. అలా వచ్చింది రాజశేఖర చరిత్రము, 1878లో. అది మొదలయ్యేది ధవళేశ్వరంలో, గోదావరి గట్టున. ఇంగ్లండులోని ఒక పల్లెటూరి మతగురువు ఇంటి కథ ధవళేశ్వరం బ్రాహ్మణ గృహస్థు కథగా మారాలంటే చదివినవాడు ప్రతి వాక్యం లోపలికీ వెళ్ళి తిరిగి రావాలి. షేక్‌స్పియర్ కామెడీ ఆఫ్ ఎర్రర్స్ ఆయన చేతిలో చమత్కార రత్నావళి అయింది. రాజశేఖర చరిత్రము మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళి, 1887లో హచిన్సన్ అనువాదంగా ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో అచ్చయింది. చదవడం అంటే ఇదీ అని మన పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. అయినా ఏ ఇంగ్లీషు క్లాసులోనూ ఈ సంగతి చెప్పగా వినలేదు.

రాజమండ్రి కాలేజీలో మెట్కాఫ్, ఆ తర్వాత 1909 నుంచి పదేళ్ళు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాళ్ళుగా ఉన్నారు. కూల్డ్రే పిల్లలను తరగతి గదిలో కట్టిపడేసే మనిషి కాదు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు లాంటి వాళ్ళను చేరదీసి బొమ్మలు వేయించాడు, రాయించాడు. కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసం వినడానికి ఊరి పెద్దలు కూడా వచ్చేవారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ కాలేజీ గదుల్లోంచే దేవులపల్లి కృష్ణశాస్త్రి వచ్చారు. ఇంగ్లీషు రొమాంటిక్ కవులను చదివిన చదువు ఆయన దగ్గర తెలుగు పాట అయింది. ఇక మొక్కపాటి నరసింహశాస్త్రి 1920ల్లో మొగలితుర్రు కుర్రాణ్ణి ఓడెక్కించి, బారిస్టర్ పార్వతీశంగా మనకిచ్చారు. ఆ కుర్రవాడి తికమకలు చదివి నవ్వుకుంటాం గాని, పుస్తకంలో ఇంగ్లీషుకూ బతుకులో ఇంగ్లీషుకూ మధ్య ఎంత అగాధం ఉందో అంత ఓర్పుగా చూపించినవారు మరొకరు లేరు.

ఇంగ్లీషు ఎలా నేర్పాలన్న ఆలోచన తెలుగు తలరాతనే మార్చిన ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారులకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ వచ్చాడు. జీవభాషను మాట్లాడుతూ నేర్పాలన్నది ఆయన పట్టిన పద్ధతి. తెలుగు క్లాసులో కూచుంటే పుస్తకంలో తెలుగు వేరు, పిల్లల నోట్లో తెలుగు వేరు. ఎందుకిలా అని ఆయన అడిగిన ప్రశ్న విశాఖపట్నం ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుల దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి వాడుకభాష ఉద్యమం రాజుకుంది. మొదట దాన్ని ఒప్పుకోని వీరేశలింగం 1919లో రాజమండ్రిలోనే వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. గిడుగు కార్యదర్శి. ఆ పద్ధతి తెలుగుకు అంత మేలు చేసింది. మరి అదే పద్ధతిలో ఇంగ్లీషు నేర్పడం మాత్రం ఎందుకు కుదరలేదంటే, పరీక్ష పేపరులో మాట్లాడే ప్రశ్న లేదు కాబట్టి.

ఎదురు తిరిగినవాళ్ళూ ఉన్నారు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి చిన్నతనంలోనే ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసింది. హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు తనే బడి పెట్టి నేర్పింది. తర్వాత కావాలనుకున్నప్పుడు, తన షరతుల మీద, మెట్రిక్ నుంచి లా దాకా చదివి రాజ్యాంగ సభలో కూచుంది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయించింది. భాష ఎంత అవసరమో, ఎవరికి, ఎందుకు అవసరమో తేల్చుకుని నేర్చుకుంటే ఎంత తొందరగా వస్తుందో ఆమె జీవితమే చెబుతుంది.

1930ల చివర మద్రాసు రాష్ట్రం హైస్కూళ్ళలో మిగతా పాఠాలను మాతృభాషలోకి మార్చింది. దానితో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా మిగిలింది. అంతకుముందు చరిత్ర, భూగోళం కూడా ఇంగ్లీషులో చదవాల్సి రావడం వల్ల తెలియకుండానే వందల పేజీలు కంటి కింద నుంచి వెళ్ళేవి. ఆ మార్పు న్యాయమైనదే. కాని పోయిన పేజీల స్థానంలో వేరే చదువు పెట్టాలన్న ఊహ ఎవరికీ రాలేదు. నిజానికి దారి అప్పటికే ఉంది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920ల్లోనే బెంగాల్ పిల్లలకు ముందు చదవడం నేర్పాలని వాదించి, తక్కువ మాటలతో కథలు తిరగరాసి రీడర్లు తయారు చేశాడు. కొత్త మాట వస్తే అది మళ్ళీ మళ్ళీ కనబడేలా చూశాడు. ఆ ఆలోచనకు దగ్గరగా మన బడుల్లో నాన్‌డీటెయిల్ పుస్తకం ఉండేది. దాన్ని కథల కోసం ఇచ్చారు. గైడులొచ్చాక పిల్లలు దాని సమ్మరీని బట్టీ పట్టారు. కథ చదవకుండానే కథ మీద మార్కులు వచ్చాయి. ఈ ఒక్క నష్టాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వచ్చింది, ఇప్పటి ఇఫ్లూ అదే. స్ట్రక్చరల్ పద్ధతిలో "దిస్ ఈజ్ ఎ పెన్, దట్ ఈజ్ ఎ బుక్" అంటూ ఆరో తరగతిలో మొదలుపెట్టిన తరాలు చాలా ఉన్నాయి. వాక్యం అచ్చు దిగినట్టు వచ్చేది, కాని పెన్ను కళ్ళెదుట ఉన్నవాడికి అది పెన్నని ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత 2008లో ప్రభుత్వ హైస్కూళ్ళలో సక్సెస్ స్కూళ్ళ పేరుతో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు వచ్చాయి. 2010ల్లో అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్ అనే కొత్త వాచకాలు వచ్చాయి. వాటిలో గ్రామరును పాఠంలోంచే ఏరుకునేలా అమర్చారు. మంచి పుస్తకాలే. 2019లో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే 2020లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఏడే ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరొకటి ఉన్న ద్విభాషా పుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. 2023లో టోఫెల్ పరీక్ష ప్రభుత్వ బడి దాకా వచ్చింది, ఎక్కువ కాలం నిలవలేదు. మీడియం మీద జరిగినంత గొడవలో పదోవంతు అయినా, వాక్యం ఎలా చదవాలన్న దాని మీద జరిగితే బాగుండేది.

వాక్యం చదివించే పరీక్ష ఎలా ఉంటుందో తెలియాలంటే చైనా వైపు చూడొచ్చు. అక్కడి హైస్కూలు పిల్లలకూ మనలాంటి గండమే ఉంది. గావొకావో అనే కాలేజీ ప్రవేశ పరీక్షలో 750 మార్కులుంటే ఇంగ్లీషుకు 150. సుమారు 3,500 మాటల జాబితా చేతపట్టుకుని చదువుతారు. అక్కడా బట్టీ తక్కువేమీ కాదు. అయితే 2016 నుంచి కొన్ని రాష్ట్రాల పేపర్లలో ఒక కొత్త ప్రశ్న పెట్టారు. సగం కథ ఇస్తారు, మిగతా సగం పిల్లవాడు రాయాలి. కథ అర్థమైతే తప్ప కలం కదలదు, గైడు పనికిరాదు. ఆ ప్రశ్నను మన దగ్గర పెట్టి చూడాలని నాకు కోరిక.

ఆ కోరికతోనే ఆ రోజు కోనసీమ క్లాసులో మళ్ళీ పడవవాడి దగ్గరికే వచ్చాను. బోర్డు మీద తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లీషు వాక్యం రాసి, "పడవవాడు" దగ్గర్నుంచి "బోట్‌మన్" దాకా గీత గీశాను. "తెచ్చిన" నుంచి "హూ బ్రాట్" దాకా ఇంకో గీత. గీతలు ఒకదాని మీదుగా ఒకటి పోయాయి. రెండో బెంచీ అమ్మాయి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "డబ్బు రానిది వాడికండీ" అంది. కథ ఇక్కణ్ణుంచి మీరే రాయండి, నాలుగు వాక్యాలు చాలు, తప్పులు లెక్కపెట్టను అన్నాను. గంట కొట్టేలోగా ఆమె కాగితం తెచ్చి ఇచ్చింది. మొదటి వాక్యం ఇది: "ద బోట్‌మన్ హూ వాజ్ నాట్ పెయిడ్ సిట్ ఇన్ ద బోట్ అండ్ నాట్ గో." పక్కనే ఉన్న మాస్టారు "సిట్" కింద గీత పెట్టబోతుంటే, ఇంకాసేపు ఆగండి మాస్టారూ అని, పడవవాడు ఎందుకు కదలలేదో చెప్పమ్మా అన్నాను. రేవులో జనం పోగయ్యారనీ, కాయలు కొన్న షావుకారు భార్యే డబ్బు తెచ్చి ఇచ్చిందనీ చెప్పడం మొదలుపెట్టింది.