కణచక్రంలో ప్రోటీన్ల ఆకార మార్పులు

కణం పెరిగి, తన డీఎన్‌ఏకు నకలు తీసుకొని, రెండుగా చీలే క్రమాన్ని కణచక్రం అంటారు. దీన్ని నడిపేవి సైక్లిన్లు, వాటి మీద ఆధారపడే కైనేజ్ ఎంజైములు. ఈ ఎంజైములకు పొట్టిపేరు సీడీకే. ఏటీపీ అనే శక్తి అణువు నుంచి ఒక ఫాస్ఫేటును ఊడదీసి మరో ప్రోటీనుకు తగిలించడం వీటి పని. ఆ పని ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో చాలావరకు ఎంజైము ఆకారమే తేలుస్తుంది. ఈ సంగతి బయటపడింది మాత్రం బాగా ఆలస్యంగానే.

ముందు దొరికినవి జన్యువులు. 1970 ప్రాంతంలో అమెరికాలో లీలండ్ హార్ట్‌వెల్ ఈస్ట్‌లో విభజన మధ్యలో నిలిచిపోయే రకాలను ఏరి, సీడీసీ28 జన్యువును గుర్తించారు. ఎడిన్‌బరోలో పాల్ నర్స్ మరో జాతి ఈస్ట్‌లో, సరిగా ఎదగకముందే చీలిపోయే పొట్టి కణాలను చూశారు. స్కాట్లండ్ వాడుకలో చిన్నదాన్ని 'వీ' అంటారు కనుక దానికి కారణమైన జన్యువు పేరు వీ1 అయింది. 1982లో టిమ్ హంట్ వుడ్స్ హోల్‌లో సీ అర్చిన్ గుడ్లను పరిశీలిస్తుండగా, ఒక ప్రోటీను క్రమంగా పేరుకొని కణం చీలే వేళకు మాయమవడం కంటబడింది. అదే సైక్లిన్. 2001లో ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది.

చిక్కు ఇక్కడే ఉంది. సైక్లిన్ పెరిగి తరుగుతుంది కానీ సీడీకే దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. ఎంజైమూ ఉంది, ఏటీపీ కూడా ఉంది, అయినా పని జరగదు.

1993లో బర్క్‌లీలో సంగ్-హో కిమ్ బృందం మానవ సీడీకే2 స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో విశ్లేషించింది. 298 అమైనో ఆమ్లాల ఈ ఎంజైములో ఏటీపీ గూటిలోకి చేరింది గానీ దాని ఫాస్ఫేట్లు వంకరగా ఉన్నాయి. పైగా టీ-లూప్ అనే మెలిక, రోలు నోటికి పీట అడ్డం పెట్టినట్టు, పనిచేసే చోటును మూసేసింది.

రెండేళ్లకు న్యూయార్క్‌లో నికోలా పావ్లెటిచ్ బృందం సైక్లిన్-ఎతో జతకట్టిన సీడీకే2ను చూపించింది. సైక్లిన్ తాను పెద్దగా మారదు, జోడునే మారుస్తుంది. అది తగలగానే సీడీకేలోని ఒక సర్పిలం దాదాపు 90 డిగ్రీలు తిరిగి, 51వ స్థానంలోని గ్లుటామేటును లోపలికి తెస్తుంది. టీ-లూప్ కొన్నిచోట్ల 20 ఆంగ్‌స్ట్రాములకు పైగా పక్కకు జరుగుతుంది. ఏటీపీ ఫాస్ఫేట్లు సర్దుకుంటాయి. అయినా పూర్తి సత్తువ రావాలంటే టీ-లూప్‌లోని 160వ థ్రియోనిన్‌కు ఒక ఫాస్ఫేటు అంటాలి. 1996 నాటి మరో చిత్రం ఆ మెట్టునూ చూపించింది.

అదే ఏడాది ఆపే ప్రోటీన్ల వంతు వచ్చింది. పీ27 సైక్లిన్‌నూ, సీడీకేనూ రెంటినీ చుట్టుకొని, ఒక ముక్కను ఏటీపీ గూటిలోకే దూర్చేస్తుంది. దాని బంధువు పీ21 ఒంటరిగా ఉన్నప్పుడు స్థిరమైన మడతే లేదని పీటర్ రైట్, రిచర్డ్ క్రివాకీలు అప్పుడే తేల్చారు. ఆకారం ఉంటేనే ప్రోటీను పనిచేస్తుందని నేర్చుకున్న తరానికి ఇది మింగుడుపడని మాటే.

ఆకారం మార్చుకునేది సీడీకే ఒక్కటే కాదు. క్రోమోజోములు సరిగా పట్టుబడేదాకా విభజనను ఆపి ఉంచే మ్యాడ్2 అనే ప్రోటీనుకు రెండు రూపాలు: తెరిచినది, మూసుకున్నది. మూసుకున్న మ్యాడ్2 తెరిచిన మ్యాడ్2ను తన రూపంలోకి మళ్లించడానికి అచ్చుగా పనికొస్తుందని 2005లో మిలాన్‌లో ఆండ్రియా ముసాకియో బృందం ప్రతిపాదించింది.

ఈ చిత్రాల దారిలోనే మందులూ వచ్చాయి. సీడీకే4, సీడీకే6ల ఏటీపీ గూటిలో కూర్చునే పాల్బోసిక్లిబ్‌కు రొమ్ము క్యాన్సర్ చికిత్సకు అమెరికాలో 2015లో అనుమతి లభించింది. కథ అక్కడితో తెమల్లేదు. ఫాస్ఫేటు అంటిన పీ27 సీడీకే4ను ఆపకపోగా పనిలోకి దింపుతుందనీ, పీ27, సీడీకే4, సైక్లిన్‌ల కూటమి మందుకు లొంగదనీ, పాల్బోసిక్లిబ్ పట్టుకునేది ప్రధానంగా ఒంటరి సీడీకే4నేననీ 2019లో సెత్ రూబిన్ బృందం ప్రకటించింది.