గిటారువాడు నాటిన చెట్టు

పాటగాడికి పిల్లనివ్వాలంటే మన పెద్దవాళ్ళు వెనకా ముందూ ఆడేవారు. వీణ నేర్చిన పిల్ల కోడలుగా రావచ్చు గాని, తంబురా పట్టిన కుర్రాడు అల్లుడుగా మాత్రం వద్దు. ఎందుకంటారా? పాడేవాడు ఒకచోట నిలవడు. ఊళ్ళు పట్టి తిరుగుతాడు. వాడి పాట ఊరందరిదీ, ఎదురుచూపు మాత్రం ఇల్లాలిదీ.

మా వరంగల్లు పల్లెల్లో శారదకథల వాళ్ళని చూసినవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. భుజాన తంబురా వేసుకుని ఊరూరూ తిరిగేవారు. ఊళ్ళోకి వచ్చారంటే ఆ రాత్రి కథే కథ. ముందు వరసలో కూర్చునేది ఎవరనుకున్నారు? పిల్లలు! కన్ను మూతపడేదాకా బాలనాగమ్మ ఏమయిందో వినాల్సిందే. పాడడం, తిరగడం, కథ చెప్పడం మూడు వేరు వేరు ఉద్యోగాలని మనవాళ్ళకి ఎన్నడూ తోచలేదు. ఒకే మనిషి ఒకే జోలెలో వేసుకు తిరిగే విద్యలవి.

అచ్చం అలాంటి జోలె ఒకటి తగిలించుకుని అమెరికాలో ఒకాయన తిరిగాడు. పేరు షెల్ సిల్వర్‌స్టీన్. గిటారు వాయించాడు, పాటలు కట్టాడు, దేశాలు తిరిగి వాటి గురించి బొమ్మలతో రాశాడు, పిల్లల పుస్తకాలు రాసి కోట్ల మందికి దగ్గరయ్యాడు. పేరు మీకు కొత్త కావచ్చు. కాని మీ ఇంట్లో ఇంగ్లీషు మీడియం బడికి వెళ్ళే పిల్లలుంటే, ఆపిల్ చెట్టూ కుర్రాడూ కథ మీదాకా వచ్చే ఉంటుంది. ఆ చెట్టు నాటింది ఈయనే.

1930లో షికాగోలో పుట్టాడు. తండ్రిది బేకరీ. రొట్టెల కొట్లో కూర్చోవలసిన కుర్రాడు కాగితాల మీద బొమ్మలు గీస్తూ కూర్చున్నాడు. 1950ల్లో సైన్యంలో చేరి జపాన్, కొరియాలకి వెళితే, అక్కడా సైనికుల పత్రికకి వ్యంగ్య చిత్రాలే గీశాడు. తిరిగొచ్చాక 1957 నుంచీ ఒక పత్రిక ఆయన్ని ఖర్చులు పెట్టి దేశాలు తిప్పింది. ఆ పత్రిక పేరు చెబితే మన ఇళ్ళల్లో కనుబొమలు ముడిపడతాయి. ప్లేబాయ్! సరే, డబ్బు ఎవరిదయితేనేం, కళ్ళు ఆయనవి. లండన్, పారిస్, మాస్కో, ఆఫ్రికా, అన్నీ చూశాడు.

యాత్రాచరిత్ర అంటే మనకి ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొస్తారు. 1830లో కాశీకి బయలుదేరి, దారిలో ప్రతి మజిలీ గురించీ ఓపిగ్గా రాసుకున్న మహానుభావుడు. సిల్వర్‌స్టీన్ పద్ధతి వేరు. నాలుగు గీతల బొమ్మ, కింద రెండు మాటలు. ఆ బొమ్మలో తనే ఉంటాడు, గడ్డంతో, ఎక్కడా ఇమడని పరాయివాడిలా. చూసే ఊరిని గాక, ఊరిని చూసి తెల్లబోయే తనని చూసి నవ్వుకుంటాడు. ఆ యాత్రల బొమ్మలన్నీ కలిపి ఆయన పోయాక 2007లో పుస్తకంగా వచ్చాయి.

ఇక గిటారు సంగతి. ఆయనది కమ్మని గొంతు కాదు, గరగరలాడేది. అయినా సొంత రికార్డులు ఇచ్చాడు. పేరు తెచ్చింది మాత్రం ఇతరుల చేత పాడించిన పాటలు. 1969 ఫిబ్రవరిలో జానీ క్యాష్ అనే గాయకుడు కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో ఖైదీల ముందు ఈయన పాట ఒకటి పాడాడు. కొడుక్కి ఆడపిల్ల పేరు పెట్టి ఇల్లొదిలి పోయిన తండ్రి కథ అది. 'సూ' అని పేరు పెట్టించుకున్న ఆ కుర్రాడు ఎక్కడికెళ్ళినా వెక్కిరింతే, ఎక్కడికెళ్ళినా కొట్లాటే. ఖైదీలు విరగబడి నవ్వారు. పాట దేశమంతా మోగింది. ఆ మరుసటి ఏడు రచయితకి గ్రామీ బహుమతి వచ్చింది.

అన్నట్టు, ఆ పాటలో ఇల్లొదిలి పోయిన తండ్రి వెనక వదిలిన ఆస్తి ఏమిటో తెలుసా? ఒక పాత గిటారు, ఒక ఖాళీ సీసా. తన జాతి తనకి బాగా తెలుసు కాబోలు!

ఇంతవరకు చెప్పినది మగవాడి కథ. నాకు ఆశ్చర్యం కలిగించేది ఈ తర్వాతది. నిలకడలేని ఈ మనిషి, ఒకచోట పడి ఉండే ఆడవాళ్ళ గురించి పాటలు కట్టాడు. 1971లో లొరెటా లిన్ అనే గాయని పాడిన పాటలో ఒక ఇల్లాలు. చంటివాళ్ళు చుట్టూ చేరి గోల, పొయ్యి మీద ఏదో పొంగిపోతోంది, కడుపులో మరొకరు. పత్రికల్లోనేమో సినిమా తారల వైభోగాలు, స్త్రీ స్వాతంత్ర్యం మీద ఉపన్యాసాలు. ఆ గందరగోళంలో మొగుడు ఫోను చేసి, స్నేహితుల్ని భోజనానికి తీసుకొస్తున్నానంటాడు. పొంగిన పాలు తుడుస్తూ ఈ పాట విన్న ఏ ఆడదానికైనా నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. అమెరికాలో పల్లె బాణీ పాటల జాబితాలో ఇది మొదటి స్థానానికి చేరింది.

ఇంకో పాటలో లూసీ జోర్డాన్ అనే ఆవిడ. ముప్ఫయ్యేడేళ్ళు. పిల్లలు బడికి, భర్త ఆఫీసుకి వెళ్ళిపోయారు. గాలికి జుట్టెగురుతుండగా పారిస్ వీధుల్లో కారులో వెళ్ళడమనేది తన జీవితంలో ఇక జరగదని ఆ ఉదయం ఆవిడకి హఠాత్తుగా తెలిసిపోతుంది. చివరికి ఇంటి కప్పెక్కుతుంది. తర్వాత ఏమయిందో స్పష్టంగా చెప్పడు. 1979లో మరియాన్ ఫెయిత్‌ఫుల్ పాడాక ఈ పాట ప్రపంచమంతా తిరిగింది. ఇద్దరు ఆడవాళ్ళు ఇళ్ళొదిలి కారులో పారిపోయే కథతో 1991లో వచ్చిన 'థెల్మా అండ్ లూయీస్' సినిమాలోనూ వినిపించింది.

పారిస్ చూసొచ్చిన మగవాడు, పారిస్ చూడలేని ఆడదాని పాట కట్టాడు. ఇది సానుభూతా, తీరుబడిగా చూసే వేడుకా? ఈ ప్రశ్న పట్టుకునే మనం ఆయన చెట్టు కిందికి వెళ్ళాలి.

నిజానికి పిల్లల కోసం రాయాలని ఆయన అనుకోలేదు. టోమీ ఉంగరర్ అనే చిత్రకారుడు ఆయన్ని ఒప్పించి, హార్పర్ సంస్థలో పిల్లల పుస్తకాలు చూసే అర్సులా నార్డ్‌స్ట్రమ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటి పుస్తకం 1963లో వచ్చింది, తుపాకీ పట్టిన సింహం కథ. రెండో ఏడు, 1964లో, 'ద గివింగ్ ట్రీ' వచ్చింది. అంతకుముందు మరోచోట ఒక సంపాదకుడు దాన్ని కాదన్నాడు. పిల్లలకైతే మరీ దిగులుగా ఉందనీ, పెద్దలకైతే మరీ సాదా కథనీ ఆయన అభ్యంతరం. మొదట వేసినవి కొన్ని వేల ప్రతులు. ఇప్పటికి అమ్ముడుపోయినవి కోటికి పైమాటే.

కథ మీకు తెలిసిందే. ఒక ఆపిల్ చెట్టు, ఒక కుర్రాడు. చిన్నప్పుడు వాడు కొమ్మలెక్కి ఆడుకుంటాడు. పెద్దయ్యాక డబ్బు కావాలంటే చెట్టు కాయలిస్తుంది. ఇల్లు కావాలంటే కొమ్మలిస్తుంది. ఎక్కడికైనా దూరంగా పోవాలి, పడవ కావాలంటే మానే ఇచ్చేస్తుంది. ఆఖరికి వాడు ముసలివాడై వస్తే, మిగిలిన మొద్దు మీద కూర్చోమంటుంది. ప్రతిసారీ చెట్టు సంతోషించిందంటాడు రచయిత. పడవ దగ్గర మాత్రం ఒక చిన్న అనుమానం జారవిడుస్తాడు. ఆ సంతోషం అంత నిజం కాదేమోనని. ఇంకో మాట. ఇంగ్లీషులో చెట్టుని మామూలుగా మనిషిలా చెప్పరు. ఈయన 'ఆమె' అన్నాడు. మన తెలుగులో ఆ చిక్కు లేదు లెండి. చెట్టునీ 'అది' అనే అంటాం, ఇంట్లో భార్యనీ 'అది' అనే మగవాళ్ళకి కొదవ లేదు!

హనుమకొండలో ఆరో తరగతి చదువుతున్న మా ఆడపడుచు కూతురికి ఈ కథ చదివి వినిపించాను. విని ఊరుకోలేదు.

"అత్తమ్మా, ఆ చెట్టు ఒక్కసారన్న వద్దు అనదేంది? దానికి కోపం రాదా?"

"చెట్టంటే అమ్మలాంటిదమ్మా" అన్నాను.

"మరి మా అమ్మకు కోపమొస్తది గదా!"

దీనికి జవాబేం చెప్పాలి? ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ఈ పుస్తకం మీద వాదించుకుంటూనే ఉన్నారు. చర్చిల్లో దీన్ని త్యాగబోధగా చెప్పారు. స్త్రీవాదులు ఆడదాన్ని మొద్దుగా మార్చే కథ అని మండిపడ్డారు. రచయిత మాత్రం ఇద్దరికీ దొరకలేదు. ఇద్దరి మధ్య సంబంధం ఇది, ఒకరు ఇస్తారు, ఒకరు తీసుకుంటారు, అంతేనన్నాడు. ఇలా ఉండండి అనీ అనలేదు, ఉండకండి అనీ అనలేదు. మెచ్చుకోలు మనం తగిలించిందే. మాతృదినోత్సవానికి ఈ పుస్తకం కానుకగా ఇచ్చేవాళ్ళున్నారంటే ఏమనుకోవాలి!

ఆయన జీవితం చూస్తే, పడవ తీసుకుని పోయినవాడి వైపు నుంచే ఈ కథ రాశాడేమో అనిపిస్తుంది నాకు. ఎందుకంటే ఆయనకి నిజంగానే పడవ ఉండేది. కాలిఫోర్నియాలో సాసలీటో దగ్గర పడవ ఇంట్లో ఉండేవాడు. న్యూయార్క్‌లో ఒక నివాసం, కీ వెస్ట్‌లో ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. ఒక కూతురు పుట్టింది. ఆ పిల్ల 1982లో పదకొండేళ్ళ వయసులో పోయింది. అంతకు ముందు ఏడే వచ్చిన 'ఎ లైట్ ఇన్ ది ఆటిక్' అనే పుస్తకం 182 వారాలు న్యూయార్క్ టైమ్స్ జాబితాలో నిలిచింది. ఊరంతా పిల్లలు ఆయన పద్యాలు చదువుతుంటే, ఆయన పిల్ల లేదు. ఆ దుఃఖం గురించి పత్రికలకి చెప్పుకునే మనిషి కాదు. అప్పటికే ఇంటర్వ్యూలివ్వడం మానేశాడు.

ఆ పుస్తకం మీదా గొడవ జరిగింది. గిన్నెలు తుడిచే పని తప్పించుకోవాలంటే ఒకటి కింద పడెయ్యమన్నట్టు ఒక పద్యం ఉంది. పిల్లలు ఇళ్ళల్లో పింగాణీ పగలగొట్టేస్తారని కొందరు తల్లిదండ్రులు బడి లైబ్రరీలోంచి తీసెయ్యమన్నారు. చెట్టు అన్నీ ఇచ్చి మొద్దయితే నీతి కథ, పిల్ల ఒక పళ్ళెం పగలగొడితే చెడ్డ పుస్తకం! లోకం తీరు చూడండి.

చాలామంది సిల్వర్‌స్టీన్‌ని ఆ చెట్టు దగ్గరే వదిలేస్తారు. ఆయన అక్కడ ఆగలేదు. 1976లో 'ద మిస్సింగ్ పీస్' రాశాడు. ఒక ముక్క తగ్గిన చక్రం, ఆ ముక్కని వెతుక్కుంటూ దొర్లుకుంటూ పోతుంది. ఇది ప్రయాణం చేసేవాడి కథ. 1981లో దానికి జోడీగా ఇంకో పుస్తకం తెచ్చాడు, 'ద మిస్సింగ్ పీస్ మీట్స్ ద బిగ్ ఓ'. ఇందులో కథ ముక్క వైపు నుంచి. ఆ మూడు మూలల ముక్క ఒకచోట కూర్చుని, ఎవరైనా వచ్చి తనని తగిలించుకుని తీసుకుపోతారని ఎదురుచూస్తుంటుంది. కొందరికి సరిపోదు. కొందరు పట్టించుకోరు. ఒకరికి సరిపోతే, తర్వాత తనే పెరిగిపోయి ఇమడదు. చివరికి ఒక పెద్ద సున్నా వస్తుంది. నన్ను తీసుకుపో అంటే, నువ్వే ఎందుకు దొర్లకూడదంటుంది. మూలలున్నదాన్ని ఎలా దొర్లను? లేచి, ఒరిగి, దభాలున పడి, మళ్ళీ లేచి... మూలలు అరిగి అరిగి, ఆఖరికి ముక్క తనంతట తానే దొర్లుతుంది.

చెట్టు కథకీ దీనికీ మధ్య పదిహేడేళ్ళు. మా పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడ దొరికింది. ఇద్దామా మానేద్దామా అన్నది కాదు అసలు సంగతి. మనకీ కదలిక ఉందా లేదా అన్నది. కదిలే కాళ్ళున్న మనిషి ఇస్తే అది ప్రేమ. కదలలేనిది ఇస్తే దాన్ని ప్రేమనాలో, దిక్కులేక ఇవ్వడమనాలో చెప్పడం కష్టం.

మన ఆడవాళ్ళు కదలకపోలేదు. పోతం జానకమ్మగారు 1870ల్లోనే సముద్రం దాటి ఇంగ్లండు చూసి, ఆ ముచ్చట్లు తెలుగులో రాశారు. 1876లో మద్రాసులో అది ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. నాయని కృష్ణకుమారిగారు కాశ్మీరు వెళ్ళివచ్చి 'కాశ్మీర దీపకళిక' రాశారు. వీళ్ళు ఎవరి పడవ కోసమూ మొద్దులు కాలేదు, తామే పడవెక్కారు.

సిల్వర్‌స్టీన్ 1999 మేలో కీ వెస్ట్‌లో పోయాడు. అరవయ్యెనిమిదేళ్ళు. చెట్టు పుస్తకం ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. మీ పిల్లలకి కొనిపెట్టండి, నేను వద్దనను. కాని దానితో పాటు ఆ దొర్లే ముక్క కథనీ చెప్పండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ. ముఖ్యంగా, పడవ కావాలని అడిగే వయసు రాకముందే.