చర్మపు లూపస్: మలేరియా మందు నడిచిన దారి

చర్మానికి వచ్చే లూపస్ చరిత్ర సాధారణంగా పారిస్‌తో మొదలవుతుంది. 1851లో అక్కడి చర్మవైద్యుడు కాజెనావ్ ‘లూపస్ ఎరిథెమటోసస్’ అన్న పేరు స్థిరపరిచాడు. 1872లో వియన్నాలో కపోసి అది ఒంటి లోపలి అవయవాలనూ పట్టగలదని చూపాడు. 1948లో హార్‌గ్రేవ్స్ బృందం ఈ జబ్బుకు గుర్తుగా నిలిచిన ఎల్‌ఇ (లూపస్ ఎరిథెమటోసస్) కణాన్ని గుర్తించింది. మరుసటి ఏడే కార్టిసోన్ వచ్చి రోగుల రాత మార్చింది. కిడ్నీలు దెబ్బతిన్నవారి విషయంలో ఈ కథనం నిజమే. మచ్చలు ముఖానికి, మాడుకు, చెవి దొప్పకే పరిమితమైన రోగికి మాత్రం ఇది చాలదు. అలాంటి రోగిని నిలబెట్టింది మలేరియా మందు.

ఆ మందు గురించీ ఒక తేలిక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మలేరియా రాకుండా మెపాక్రిన్ మింగిన సైనికులకు దద్దుర్లు తగ్గాయని, వైద్యులు అది చూసి నేర్చుకున్నారని చెబుతారు. తేదీలు ఇందుకు ఒప్పుకోవు. 1894లోనే లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్యుడు పేన్ ఈ జబ్బుకు క్వినైన్ వాడాడు. ఆ తర్వాత లూపస్ క్షయకు సంబంధించినదన్న అనుమానం బలపడి, బంగారు లవణాల ఇంజెక్షన్లు ముందుకొచ్చాయి. 1940లో సోవియట్ వైద్యుడు ప్రొకోప్చుక్ 35 మందికి మెపాక్రిన్ ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. అవి రష్యన్‌లో ఉండటంతో పడమటి దేశాలకు ఆలస్యంగా అందాయి. 1951లో వైద్యుడు పేజ్ ‘లాన్సెట్’ పత్రికలో 18 మంది రోగుల అనుభవం రాశాకే వాడకం విస్తరించింది. సైన్యానికి దక్కాల్సిన వాటా లేకపోలేదు: లక్షల మంది నెలల తరబడి మింగడం వల్ల ఆ మందును మనిషి ఎంతవరకు తట్టుకుంటాడో తెలిసింది. చర్మాన్ని పసుపుపచ్చగా మార్చే మెపాక్రిన్ స్థానంలో క్లోరోక్విన్, 1955 నుంచి హైడ్రాక్సీక్లోరోక్విన్ వచ్చాయి.

మలేరియా కథలో హైదరాబాద్‌కూ చోటుంది: సనత్‌నగర్ పక్కనే ఉన్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమలో మలేరియా క్రిమిని చూశాడు. పేన్ చికిత్సకు మూడేళ్ల తర్వాతి మాట ఇది. రెంటినీ ముడిపెట్టి మురిసిపోవడానికి ఆధారం లేదు.

ఈ ప్రాంతంలో లూపస్‌తో అసలు సమస్య దాన్ని గుర్తించడం దగ్గరుంది. పుస్తకాల్లోని ఎర్రటి సీతాకోకచిలుక మచ్చ తెల్ల చర్మం మీదిది. చామనఛాయ, నలుపు చర్మంపై ఎరుపు అంతగా కనబడదు. అంచున నల్లగా, నడుమ తెల్లగా, పొలుసుతో మచ్చ ఏర్పడి, మాడుమీదైతే జుట్టు మళ్లీ మొలవదు. దాన్ని మంగు అనో, బొల్లి అనో, కుష్టు అనో అనుకుంటారు. 1915 నాటి డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రి, 1958 నాటి కూకట్‌పల్లి శివానంద పునరావాస కేంద్రం ఉన్న నేలపై ఆ చివరి భయం ఊరికే పుట్టలేదు. కుష్టు మచ్చలో తరచూ స్పర్శ తగ్గుతుంది, లూపస్ మచ్చలో సాధారణంగా తగ్గదు. సందేహం తీరాలంటే బయాప్సీ, అవసరమైతే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష చేయాలి. పంజగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, కానీ రోగి అక్కడికి చేరేలోపు మందుల షాపు స్టెరాయిడ్ క్రీములే ముఖచర్మాన్ని పలచబరుస్తాయి. 2018లో ఆ క్రీములు వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి వెళ్లినా, చీటీ లేని అమ్మకం ఆగలేదు.

2020లో కొవిడ్ ఆశతో హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై జనం ఎగబడ్డారు. ప్రభుత్వం దాన్ని ఇంకా కఠినమైన షెడ్యూల్ హెచ్1లో పెట్టినా, నెలనెలా అదే మింగే లూపస్ రోగులే వెతుక్కోవలసి వచ్చింది. ఈ మందు మోతాదు ఒంటి బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు, కంటి రెటీనా పరీక్షలు మానకూడదు. పొగతాగేవారిలో మందు పనితనం తగ్గుతుంది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన అనిఫ్రోలుమాబ్ అనే కొత్త మందును గొప్పగా చెప్పేవారున్నారు. అది చర్మానికే పరిమితం కాని, ఒళ్లంతా పట్టే (సిస్టమిక్) లూపస్‌కు ఇచ్చిన అనుమతి, ధరా మామూలు కుటుంబానికి అందదు. సనత్‌నగర్ ఇఎస్‌ఐ ఆసుపత్రికి వచ్చే కార్మికుడికి ఎండకు ముదిరే ఈ జబ్బులో ఇంతకన్నా ముందు కావలసినవి టోపీ, పొడుగుచేతుల చొక్కా, ఎండ తగలని పని. వీటిలో చివరిది మందుచీటీపై రాసి ఇప్పించగలిగేది కాదు.