కుక్కతో త్రాడు లాగు ఆట: లేని భయము, ఉన్న ప్రమాదము

త్రాటి కొస నొకదానిని కుక్క యెదుట ఆడించినచో అది రెండవ కొసను కరచి, ముందుకాళ్ళు నేలకు తన్నిపట్టి వెనుకకు లాగును. పిల్లలకు వినోదమును, కుక్కకు వ్యాయామమును అగు ఈ యాటకు ఒక విచిత్రమైన చరిత్ర కలదు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో ఐరోపా, అమెరికా ఖండములలో వెలువడిన కుక్కల శిక్షణ గ్రంథములు అనేకములు ఈ యాట కూడదని చెప్పినవి. ఆడక తప్పనిచో, చివరకు త్రాడు మనిషి చేతిలోనే మిగులవలెనని, కుక్కను ఎన్నడును గెలువనీయరాదని హెచ్చరించినవి. గెలిచిన కుక్క యజమానిపై పెత్తనము చేయునని వాటి భయము. ఆ భయము ఎట్లు పుట్టినది, ఎట్లు తొలగినది, తొలగిన పిమ్మట మిగిలిన అసలు ప్రమాదము ఏది అను విషయములు తెలిసికొనదగినవి.

ఆవరణలోని తోడేళ్ళు

స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ షెంకెల్ బేసెల్ నగరపు జంతుప్రదర్శనశాలలోని తోడేళ్ళను పరిశీలించి, 1947లో ఒక దీర్ఘవ్యాసము ప్రకటించెను. 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు గల ఆవరణలో పది తోడేళ్ళ వరకు కలిసి ఉండెడివి. తోక యెత్తుట, చెవులు వంచుట, పండ్లు చూపుట మున్నగు చేష్టలచే అవి ఒకదానిపై నొకటి ఆధిక్యము నెలకొల్పుకొను తీరును అతడు వర్ణించెను. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు డేవిడ్ మీచ్ 1970లో తోడేలును గూర్చి వ్రాసిన గ్రంథము ఈ భావమునకు విశేషముగ ప్రచారము కల్పించెను. గుంపులో పైచేయి గల తోడేలునకు గ్రీకు లిపిలోని మొదటి అక్షరమును బట్టి 'ఆల్ఫా' అను పేరు స్థిరపడెను.

కుక్కల శిక్షకులు దీనినుండి ఒక తర్కము అల్లిరి. కుక్క తోడేలు సంతతి. తోడేళ్ళ గుంపులో పదవికై నిత్యము పోరాటము. కావున ఇంటిలోని కుక్కయు యజమానుని పదవికై పొంచియుండును. ఇట్లు త్రాడు లాగుట ఆట గాక, బలపరీక్షగా మారినది.

తన మాటను తానే దిద్దుకొనుట

ఈ తర్కములో మొదటి మెట్టే బలహీనమైనది. వేరువేరు చోట్ల నుండి తెచ్చి, పారిపోవుటకు వీలులేని ఇరుకు తావున కూర్చిన జంతువుల నడవడిని అడవిలోని గుంపునకు అన్వయింపవచ్చునా? మీచ్ కెనడా ఉత్తరపు టంచున గల ఎల్స్‌మియర్ దీవిలో 1986 మొదలు అనేక వేసవులలో తోడేళ్ళను సమీపమునుండి పరిశీలించెను. 1999లో ప్రకటించిన వ్యాసములో అతడు తేల్చిన దేమనగా, అడవిలోని గుంపు సామాన్యముగా ఒక కుటుంబము. తలిదండ్రులును, వాటి పిల్లలును కలిసి గుంపగును. పిల్లలను నడిపించు తల్లి, తండ్రి పోరాడి పదవి గెలుచుకొన్నవి కావు. తన గ్రంథముచే వ్యాపించిన భావమును తానే దిద్దుటకు అతడు వెనుదీయలేదు. విజ్ఞానశాస్త్రమునకు గల గొప్ప బలము ఇదియే.

పరీక్షకు నిలిచిన ప్రశ్న

తోడేలును గూర్చిన మాట తప్పైనంతమాత్రమున కుక్కను గూర్చిన మాటయు తప్పని చెప్పరాదు. దానిని వేరుగా పరీక్షింపవలెను. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన నికోలా రూనీ, జాన్ బ్రాడ్‌షాలు ఆ పని చేసిరి. వారు 14 గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్కలతో త్రాడు లాగు ఆట నాడించి, కొంతకాలము కుక్కలనే గెలువనిచ్చిరి, కొంతకాలము ఓడించిరి. ఆటలకు ముందును, తరువాతను వాటి నడవడిని కొలిచిరి. 2002లో వెలువడిన ఫలితము స్పష్టముగ నున్నది. గెలిచినను, ఓడినను కుక్కలలో పెత్తనపు లక్షణములు పెరుగలేదు. ఆటల తరువాత అవి మనిషి మాటను మరింత శ్రద్ధగా వినుచుండెను.

అంతకు ముందు 2000లో వీరే సహచరులతో ప్రకటించిన మరియొక పరిశీలన ఇంకను ఆసక్తికరము. సాటి కుక్కతో ఆడునప్పటికంటె మనిషితో ఆడునప్పుడు కుక్క వస్తువును సులభముగ వదలును; తెచ్చి చూపును. మనిషితో ఆట దానికి వేరొక రకపు ఆట. ఐతే ఈ ఫలితములకు హద్దు కలదు. 2002 నాటి పరీక్షలోని కుక్కలన్నియు ఒకే జాతివి. వస్తువును కాపాడుకొనుటకై నిజముగ కరచు కుక్కకు ఈ మాట వర్తింపదు.

అసలు ప్రమాదము: దారము

పెత్తనము భయము పోయినది. కాని త్రాడు నిరపాయకరమైన వస్తువు కాదు. ప్రమాదము ఆటలో గెలుపు ఓటములలో లేదు; త్రాటి నిర్మాణములోనే ఉన్నది.

త్రాడు మానవుని అతిప్రాచీన సాధనములలో ఒకటి. ఫ్రాన్సులోని అబ్రి ద్యు మరా అను చోట లభించిన 6 మిల్లీమీటర్ల త్రాటి తునకను గూర్చి 2020లో వార్త వెలువడెను. 41 వేల నుండి 52 వేల యేండ్ల క్రిందట నియాండర్తల్ మానవులు చెట్టునారతో చేసిన మూడు పేటల త్రాడది. పేటలను ఒక వైపునకు పురిపెట్టి, మూడింటిని కలిపి ఎదురు వైపునకు పేనినారు. నేటి త్రాటికిని ఇదే సూత్రము. ఎదురు పురుల వలన పోగులు ఒకదానిపై నొకటి బిగిసి, రాపిడిచే విడిపోకుండ నిలుచును. కొబ్బరిత్రాటి ముక్కను విప్పి చూచినచో పొట్టి పోగులే పొడవైన త్రాడైన రహస్యము తరగతిలోనే తెలియును.

కుక్క పండ్లు సరిగా ఈ పురినే విప్పును. పురి విడిన త్రాడు దారముల కుచ్చు. ఆ దారము కడుపులోనికి పోయినచో జీర్ణము కాదు. నూలు ప్రకృతిసిద్ధమైనది గనుక హాని లేదని తలచుట పొరపాటు. నూలులోని సెల్యులోజును అరిగించు రసము కుక్క జీర్ణాశయములో లేదు. 1935లో కరోథర్స్ బృందము కనుగొన్న నైలానును కుక్క ఎట్లును అరిగింపలేదు.

మ్రింగిన దారపు ఒక కొస జీర్ణాశయపు ద్వారము వద్ద చిక్కుకొన్నదని తలంతము. మిగిలిన భాగమును ప్రేగులు తమ అలల వంటి కదలికచే ముందునకు నెట్టుచుండును. కొస కదలదు, కావున ప్రేగే బొందెత్రాటిపై గుడ్డ వలె ముడుతలు పడి కుదించుకొనును. బిగిసిన దారము ప్రేగు గోడను రంపము వలె కోయును. రంధ్రము పడినచో ఉదరమంతయు విషపూరితమగును. అమెరికాలో 1994లో ఇట్టి 32 కుక్కల చరిత్రలను పరిశీలించి ప్రకటించిరి. పిల్లులలో దారము తరచు నాలుక క్రింద చిక్కుకొనగా, కుక్కలలో ఎక్కువగా జీర్ణాశయము వద్దనే చిక్కుకొనును. కావున నోరు తెరచి చూచినను కనబడదు.

ఎన్నిక, వాడుక

ఈ చరిత్ర తెలిసినచో నియమములు వాటంతట అవే తేలును. త్రాడు కుక్క మ్రింగలేనంత లావుగను, గట్టి పురి గలదిగను ఉండవలెను. ముడికిని, చేతికిని నడుమ జానెడైన ఎడమున్నచో వ్రేళ్ళకు పండ్లు తగులవు. ప్రతి ఆటకు ముందు త్రాటిని చూడవలెను. కొసలు విడిన త్రాటిని పారవేయవలెను. ఆట ముగియగనే దానిని అందకుండ దాచవలెను. ఒంటరిగ నమలుటకు త్రాడు తగదు. చిరిగిన గుడ్డలకు, గోనె పీలికలకు గూడ ఇదే నియమము.

నేలకు సమముగ మెల్లగ లాగవలెను. పైకెత్తుట, విదలించి గుంజుట మెడ యెముకలకు హాని. కుక్కపిల్లకు 28 పాలపండ్లు. సుమారు నాలుగవ నెల నుండి ఏడవ నెల వరకు అవి ఊడి, 42 పండ్లు వచ్చును. ఆ కాలమున లాగుట మరింత మృదువుగ నుండవలెను. 'వదులు' అను మాటకు త్రాడు విడుచుట మొదట నేర్పి, విడిచిన వెంటనే మరల ఆడనిచ్చినచో కుక్క సంతోషముగ నేర్చును. అప్పుడప్పుడు దానిని గెలువనిచ్చుటయే మంచిది.

కుక్క వాంతులు చేసికొనుచు, మేత మాని, కడుపు తాకనీయక మూలుగుచున్నచో ఆలస్యము చేయక పశువైద్యుని చూపవలెను. నోటి నుండిగాని, మలద్వారము నుండిగాని దారము వ్రేలాడుచున్నను లాగరాదు. లాగిన కొలది లోపల ప్రేగు తెగును.

కుక్క గెలుచునేమోయని త్రాటి కొసను విడువక పట్టుకొన్న వారు త్రాటి పురిని చూడలేదు. చూడవలసినది ఎవరు గెలిచిరని కాదు. ఆట ముగిసిన పిదప త్రాటిలో ఎన్ని పోగులు తగ్గినవని.