బందరు బడిపంతులు: రాబర్ట్ నోబుల్ జీవితము, రక్తసంబంధ కుటుంబము, బడి కుటుంబము

ఉపోద్ఘాతము

మన తెలుగు సంఘాలలో పాత క్రైస్తవ కుటుంబాల చరిత్ర అడిగితే తరచుగా వినబడే మాట ఒకటి ఉంది: "మా తాతగారు మిషన్ బడిలో పంతులు." మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, గంగవరం ప్రాంతాలలోనైనా, కృష్ణా గోదావరి తీరాలలోనైనా, సువార్త ఊరిలోనికి వచ్చినప్పుడు బోధకునితో పాటు పంతులు కూడా వచ్చాడు. అనేక ఊళ్ళలో ఆ ఇద్దరూ ఒక్కరే. అయితే మన సంఘ చరిత్ర గ్రంథాలు బోధకులను గూర్చి విస్తారముగా వ్రాసి, పంతులును గూర్చి ఒక వాక్యముతో సరిపెట్టుకొన్నాయి.

ఈ వ్యాసములో తెలుగునాట తొలితరము మిషన్ ఉపాధ్యాయులలో ఒకరైన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారి జీవితమును, ఆయన కుటుంబమును పరిశీలించుచున్నాము. ఆయన ఇరువది నాలుగేళ్ళు ఒకే ఊరిలో ఉండి పాఠాలు చెప్పారు. వివాహము చేసికొనలేదు. కనుక ఆయన కుటుంబ చరిత్ర అంటే రెండు చరిత్రలు: ఆయన పుట్టిన ఇంటి చరిత్ర ఒకటి, ఆయన బడి చుట్టూ ఏర్పడిన ఇంటి చరిత్ర మరొకటి. ఈ రెండవ ఇంటి కొరకు మరికొన్ని ఇండ్లు తమ కుమారులను పోగొట్టుకొన్నాయి. ఆ సంగతి మరువకుండా ఈ చరిత్రను చదవాలని మా మనవి.

1. పుట్టిన ఇల్లు

నోబుల్ గారు 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్, ఫ్రిస్బీ గ్రామములో జన్మించారు. తండ్రి జాన్ నోబుల్ ఆ గ్రామ సంఘ కాపరి. పాస్టరు గారి ఇంటిలో పుట్టిన పిల్లవాని జీవితము ఎలా ఉంటుందో మన పాఠకులకు వేరుగా చెప్పనవసరము లేదు. ఆయన కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివారు. ఆ కాలములో చార్లెస్ సిమియన్ గారి ప్రసంగాల వలన కేంబ్రిడ్జి యువకులలో అనేకులు విదేశ పరిచర్యకు ప్రేరేపించబడ్డారు.

నోబుల్ గారితో కలిసి వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారి నేపథ్యము వేరు. 1817లో పుట్టిన ఫాక్స్ గారు రగ్బీ పాఠశాలలో థామస్ ఆర్నాల్డ్ గారి శిష్యులు. తరువాత ఆక్స్‌ఫర్డులో చదివారు. ఆయన వివాహితులు, ఊరూరా తిరిగి ప్రకటించాలనే ఆసక్తి గలవారు. నోబుల్ గారికి ఒకచోట కుదురుగా కూర్చొని బోధించాలని కోరిక. ఇద్దరూ చర్చి మిషనరీ సొసైటీ పక్షముగా 1841లో మచిలీపట్నం చేరారు. తెలుగువారి మధ్య ఆ సొసైటీ పనికి అదే ఆరంభము.

అప్పటికి విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ పని 1805 నుండి ఉంది. నర్సాపురంలో బౌడెన్, బీర్ గార్లు 1836 నుండి ఉన్నారు. నెల్లూరికి బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో వచ్చారు. 1842లో హేయర్ గారు గుంటూరు చేరారు. ఇన్ని దిక్కుల నుండి సేవకులు వచ్చిన ఆ కాలములో నోబుల్ గారు ఎన్నుకొన్న పని బడి.

2. ఇద్దరు పిల్లల బడి

నోబుల్ గారు వచ్చిన వెంటనే బడి పెట్టలేదు. ముందు తెలుగు నేర్చుకొన్నారు. 1843 నవంబరులో బడి తెరచినప్పుడు చేరినవారు ఇద్దరే విద్యార్థులు. ఆ బడి క్రమముగా పెరిగింది.

ఆయన పద్ధతిని అర్థము చేసికొనుటకు అప్పటి పరిస్థితులు చూడాలి. 1830లో కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ గారు ఇంగ్లీషు విద్య ద్వారా అగ్రవర్ణ యువకులకు సువార్త అందించే మార్గము తెరచారు. 1837లో మద్రాసులో జాన్ ఆండర్సన్ గారు ఆ మార్గమునే అనుసరించారు. తెలుగు ప్రాంతములో ఆ పనిని తలకెత్తుకొన్నవారు నోబుల్ గారు. కంపెనీ ప్రభుత్వములో ఉద్యోగము కావాలంటే ఇంగ్లీషు కావాలి. ఇంగ్లీషు కావాలంటే బందరులో నోబుల్ దొరగారి బడికి రావాలి. ఆ బడికి వస్తే ప్రతిదినము బైబిలు పాఠము వినాలి. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు. తెలిసే పంపారు. చదువు వస్తుంది, మతము అంటదు అని వారి లెక్క. కొన్నాళ్ళు ఆ లెక్క సరిగానే నడిచింది.

3. 1852: తెగిన బంధాలు

తొమ్మిదేళ్ళు బడి నడిచిన తరువాత, 1852లో, మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు యువకులు బాప్తిస్మము పొందగోరారు. ఇద్దరూ కులగౌరవము గల కుటుంబాల బిడ్డలు. వారు తమ ఇండ్లు విడిచి నోబుల్ గారి యొద్దకు వచ్చారు. బంధువులు వచ్చి ఏడ్చి బ్రతిమాలారు. యువకులు వెనుకకు వెళ్ళలేదు. బాప్తిస్మము జరిగింది. ఊరు అట్టుడికింది. తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించారు, బడి దాదాపు ఖాళీ అయ్యింది.

చట్టరీత్యా అప్పటికి ఒక మార్పు వచ్చియుంది. మతము మారినవాడు వారసత్వ హక్కును కోల్పోనవసరము లేదని 1850లో ఇరువది ఒకటవ చట్టము నిర్ణయించింది. అయితే చట్టము ఆస్తిని కాపాడగలదు గాని, అమ్మ వడ్డించే కంచమును కాపాడలేదు. ఈ యువకులు కోల్పోయినది ఆ కంచమే. వారికి తినుటకు, ఉండుటకు, చదువుకొనుటకు నోబుల్ గారి ఇల్లే దిక్కయ్యింది. పెండ్లి చేసికొనని పంతులు ఈ విధముగా తండ్రి అయ్యారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక నాల్గవ అధ్యాయములో పౌలు ఉపదేశకునికి, తండ్రికి మధ్య చూపిన భేదము ఇక్కడ మనకు జ్ఞాపకము వస్తుంది.

కొంతకాలమునకు పిల్లలు మరల బడికి వచ్చారు. ఇంగ్లీషు చదువు అవసరము భయము కంటె బలమైనది. తరువాతి ఏండ్లలో మరికొందరు విద్యార్థులు విశ్వాసులయ్యారు. వారిలో జానీ అలీ అనే ముస్లిం యువకుడు కేంబ్రిడ్జిలో పట్టభద్రుడై, గురువుగా అభిషేకము పొంది పరిచర్య చేశారు. రత్నం, భూషణం గార్లు 1864లో గురువులుగా అభిషేకించబడ్డారు. నోబుల్ గారు బ్రతికియుండగానే చూచిన ఫలమిది.

ఇక్కడ ఆధారాలను గూర్చి ఒక మాట చెప్పాలి. నోబుల్ గారి జీవిత చరిత్రను 1867లో ప్రకటించినవారు ఆయన సోదరుడు జాన్ నోబుల్. ఫాక్స్ గారి జీవిత చరిత్రను వ్రాసినవారు కూడా ఆయన సోదరుడే. అనగా మనము చదివే చరిత్ర అన్నదమ్ముల ప్రేమతో వ్రాయబడినది. అందులో కుమారుని కొరకు బడి గుమ్మములో ఏడ్చిన తెలుగు తల్లి ఒక అడ్డంకిగా కనబడుతుంది. ఆమె ఇంటి నుండి చూస్తే, నమ్మి పంపిన పంతులు తన బిడ్డను తీసికొనిపోయాడు. ఆమె దుఃఖము అవిశ్వాసము కాదు, మాతృత్వము. యువకుల విశ్వాసము నిజమైనదే, ఆమె కన్నీళ్ళూ నిజమైనవే. సంఘ చరిత్రకారుడు ఈ రెంటినీ వ్రాయాలి.

4. తలుపు ఎవరికి తెరచియుంది?

నోబుల్ గారి బడిలో మాల, మాదిగ పిల్లలకు ప్రవేశము లేదు. ఇది ఆయన తెలిసి చేసిన నిర్ణయము. వారిని చేర్చుకొంటే అగ్రవర్ణాల పిల్లలు రారని, రానివారికి సువార్త అందదని ఆయన వాదము. ముందు పైవారు మారితే వారి ద్వారా తక్కినవారు మారుతారని ఆ కాలపు మిషనరీ విద్యావేత్తలలో అనేకులు తలంచారు.

చరిత్ర ఆ తలంపును అంగీకరించలేదు. 1859లో, నోబుల్ గారు బందరులో పాఠాలు చెప్పుచున్న దినములలోనే, రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద విగ్రహారాధన విడిచి నిజదేవుని వెదకుచు బెజవాడలోని డార్లింగ్ గారి యొద్దకు వచ్చాడు. కుటుంబముతో బాప్తిస్మము పొందాడు. ఆయన వెంట గ్రామాలు కదిలాయి. 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకించబడే నాటికి ఆ మండలి సంఘములో అత్యధికులు దళిత గ్రామాల విశ్వాసులే. నీరు పైనుండి క్రిందికి పారుతుందని మిషనరీలు అనుకొన్నారు. ఊట భూమిలో నుండి వచ్చింది.

మరి నోబుల్ గారిని మనము ఎలా తీర్పు తీర్చాలి? కాలమును బట్టి క్షమించి ఊరకుండుట సులభము. ఆయన పనినంతటిని కొట్టివేయుట కూడ సులభమే. మా అభిప్రాయము ఇది: తన బడిలో క్రీస్తును ప్రతిదినము బోధించిన పంతులు, ఆ బడి గుమ్మములో కులమును కావలి పెట్టుట ఒక వైరుధ్యము. ఆ వైరుధ్యపు నీడ మన సంఘాల మీద నుండి పూర్తిగా తొలగలేదు. పెండ్లి సంబంధాలు చూచేటప్పుడు అది మనకు తెలుస్తుంది.

5. మదనపల్లె దారి

ఇదే కాలములో మన చిత్తూరు సీమలో పని వేరు దారిలో నడిచింది. 1853లో స్కడర్ సోదరులు స్థాపించిన ఆర్కాటు మిషన్ ఇంగ్లీషు బడుల ద్వారా సువార్త అనే పద్ధతిని త్రోసిపుచ్చింది. దేశభాషలో ప్రకటన, విశ్వాసుల పిల్లలకు బడి: ఇది వారి నియమము. ఆ మిషన్ సేవకుడైన వైద్యుడు జేకబ్ చాంబర్లిన్ గారు 1863లో మదనపల్లెలో నివాసము ఏర్పరచుకొన్నారు. తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షులుగా పనిచేశారు. 1880ల చివర పలమనేరులో వేదాంత పాఠశాల ఏర్పడుటకు నిధి సమకూర్చారు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

అయితే ఆయన కుమారుడు విలియం చాంబర్లిన్ గారు వేలూరులో అదే మిషన్ కళాశాలకు అధిపతి అయ్యారు. భారతదేశ విద్యను గూర్చి 1899లో ఒక గ్రంథము ప్రకటించారు. తండ్రి తరము వద్దనుకొన్న ఇంగ్లీషు విద్య కుమారుని తరములో మిషన్ పనిలో ముఖ్య భాగమయ్యింది. ప్రజలు చదువు అడిగారు, మిషన్ ఇవ్వక తప్పలేదు. బందరు, మదనపల్లె వేరు వేరు దారులలో బయలుదేరి ఒకే బడి గుమ్మము చేరాయి.

6. ఉప్పెన, మరణము

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. ఊరిలోను, చుట్టుప్రక్కలను కలిపి మృతులు సుమారు 30,000 మంది అని లెక్క. నోబుల్ గారి సహచరుడు షార్కీ గారి భార్య నడిపిన బాలికల వసతి పాఠశాలలో ముప్పైమందికి పైగా బాలికలు ఆ ఒక్క రాత్రి చనిపోయారు. ఈ బాలికల బడి తెలుగునాట స్త్రీ విద్యకు తొలి పునాదులలో ఒకటి. ఆ పిల్లలను కూడ ఈ కుటుంబ చరిత్రలో మనము లెక్కించాలి.

ఏడాది తిరుగక ముందే, 1865 అక్టోబరు 17న నోబుల్ గారు బందరులో మరణించారు. వయస్సు 56. వచ్చిన నాటి నుండి ఒక్కసారి కూడ స్వదేశము వెళ్ళలేదు.

ఫాక్స్ గారి కుటుంబము అంతకు ముందే చెదరిపోయింది. భార్య ఎలిజబెత్ 1845లో మరణించారు. ఆయన 1848లో, 31 ఏండ్లకే, ఇంగ్లండులో మరణించారు. 1841లో బందరులో పుట్టిన వారి కుమారుడు హెన్రీ ఎలియట్ ఫాక్స్ పెరిగి పెద్దవాడై, 1895 నుండి 1910 వరకు చర్చి మిషనరీ సొసైటీకి గౌరవ కార్యదర్శిగా ఉన్నారు. బందరులో పుట్టిన బిడ్డ లోకమంతటికి సేవకులను పంపే బల్ల దగ్గర కూర్చున్నాడు.

7. బడి కుటుంబము

నోబుల్ గారి తరువాత బడి కళాశాలగా ఎదిగింది, ఆయన పేరు నిలిచింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ బోధించారు. ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అక్కడ చదివారు. వీరెవరూ క్రైస్తవులు కాలేదు. ఒకరు బ్రహ్మసమాజ సంస్కర్త, ఒకరు కృష్ణా పత్రిక సంపాదకులు, మరొకరు జాతీయ కాంగ్రెసు అధ్యక్షులు అయ్యారు. బాప్తిస్మముల పట్టీలో వీరి పేర్లు లేవు. అయినను ఒక పంతులు తెరచిన బడిలో నుండి ఆంధ్ర ప్రజాజీవితమునకు వచ్చినవారు వీరు. దీనిని మిషన్ వైఫల్యముగా చూడాలా, ఫలముగా చూడాలా అనేది వేదాంత విద్యార్థులు చర్చించదగిన ప్రశ్న.

ముగింపు

నోబుల్ గారికి సంతానము లేదు, కాని కుటుంబము ఉంది. అందులో ఇల్లు పోగొట్టుకొన్న కుమారులు ఉన్నారు, కుమారులను పోగొట్టుకొన్న తల్లులు ఉన్నారు, ఉప్పెనలో కొట్టుకొనిపోయిన బాలికలు ఉన్నారు. గుమ్మము బయటనే నిలిపివేయబడిన పిల్లలు కూడ ఉన్నారు. చివరికి సంఘమును నిలిపినవారు ఆ బయటి పిల్లల వారసులే.

ఈ వ్యాసము చదివే కాపరులకు మా మనవి ఒకటి. మీ సంఘములో పాత పంతుళ్ళ కుటుంబాలు ఉంటే, వృద్ధులు జీవించియుండగానే వారి మాటలు వ్రాసికొనండి. ఆ పంతులు ఎక్కడ చదివాడు, జీతము ఎంత, ఏ చెట్టు క్రింద బడి పెట్టాడు, ఎవరిని చేర్చుకొన్నాడు, ఎవరిని చేర్చుకొనలేదు, ఆయన భార్య ఎవరికి అక్షరాలు నేర్పింది అని అడగండి. అన్నదమ్ములు గ్రంథాలు వ్రాసిపెట్టిన దొరగారి చరిత్ర మనకు దొరికింది. గ్రంథము వ్రాసేవారు లేని మన ఊరి పంతులు చరిత్ర మనము వ్రాస్తేనే దొరుకుతుంది.